పందొమ్మిది గోళ్ళు

సాయంత్రం అయిదూ పదికి సత్యనారాయణమూర్తి కుక్కపిల్లని వెల్లకిలా పడుకోబెట్టి గోళ్ళు లెక్కపెడుతున్నాడు.

ఆయన కోడూరు పోస్టాఫీసులో గుమాస్తా. హంసలదీవి దగ్గర పల్లెపాలెంలో, చేపలు పట్టే పోతయ్య గుడిసె ముందు గొంతుక్కూర్చుని నాలుగు పిల్లల్నీ వరసగా చూస్తున్నాడు. ముందు కాళ్ళకి అయిదేసి, వెనక కాళ్ళకి నాలుగేసి, మామూలు కుక్కకి మొత్తం పద్ధెనిమిది. వెనక కూడా అయిదేసి ఉంటే ఇరవై. ఇరవై గోళ్ళ కుక్క ఉన్న ఇంటి ఛాయలకి దొంగా రాడు, దెయ్యమూ రాదని ఆ చుట్టుపక్కల నమ్మకం.

"పెళ్ళిచూపుల్లో కూడా ఇంత పట్టిపట్టి చూసుండరండీ తమరు," అన్నాడు పోతయ్య.

"అప్పుడు మా నాన్నగారు చూశారయ్యా. నేను తలెత్తితే ఒట్టు."

నాలుగోది నల్లది. ఇరవై. మెడ మీద చర్మం పట్టి పైకెత్తినా కుయ్యిమనలేదు.

"ఇదే," అన్నాడు మూర్తి.

తల్లికుక్క పక్కనే నిలబడి చూస్తోంది. మొరగలేదు. పిల్లని గుడ్డ సంచిలో వేసుకుని ఆయన సైకిలెక్కితే, కరకట్ట దాకా వెనకాలే వచ్చి ఆగిపోయింది.

"బాబుగారూ," పోతయ్య గొంతు తగ్గించాడు. "చీకటి పడకముందే కొఠారు దాటెయ్యండి. వాన పట్టినా... అక్కడ మాత్రం ఆగకండి."

కరకట్ట పక్కన ఉప్పు నిలవచేసే ఆ పాత కొఠారు పేరెత్తితే ఆ దారిన తిరిగేవాళ్ళు మాట మార్చేసేవారు. డెబ్భై ఏడు ఉప్పెన రాత్రి పదకొండుమంది అందులో దూరి తలుపేసుకున్నారు. అది బయటికి తెరుచుకునే తలుపు. నీళ్ళు దాన్ని బయటినుంచి అదిమిపట్టాయి. మూడోరోజున తీసినవాళ్ళకి తలుపు లోపలివైపు చెక్కంతా గోళ్ళ గీరలే కనిపించాయట. అప్పట్నించీ చీకటిపడితే అక్కడ గీకుడు చప్పుడు వినిపిస్తుందని, లోపలికెళ్ళినవాణ్ణి ఆ తలుపు వదలదని చెప్పుకునేవారు.

మూర్తికి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. ఆయన భయం వేరు. అది ఇంట్లో ఉంది.

ఉప్పెన నాటికి వాళ్ళకి రాజు అని ఒక కుక్క ఉండేది. అదీ ఇరవై గోళ్ళదే. కుడి ముందుకాలి చివరి వేలు మూర్తి సైకిలు చువ్వల్లో పడి తెగిపోయాక, ఆయన భార్య ఆండాళ్ దాన్ని "పందొమ్మిది గోళ్ళ రాజావారు" అని ఆటపట్టించేది. ఆ రాత్రి రాజు వాకిట్లో స్తంభానికి గొలుసుతో కట్టేసి ఉన్నాడు. నీళ్ళు నడుందాకా వచ్చేసరికి మూర్తి భార్యనీ కూతుర్నీ పట్టుకుని ఎదురింటి డాబా ఎక్కాడు.

"రాజుని విప్పావా నాన్నా?" అనడిగింది బుజ్జి. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు.

"విప్పానమ్మా. ఈదుకుంటూ వెళ్ళిపోయాడు."

విప్పలేదు. తెల్లారేసరికి కుక్కా లేదు, స్తంభమూ లేదు.

రెండేళ్ళయింది. బుజ్జి ఇప్పటికీ రోజూ రాత్రి ఒక ముద్ద అరుగు మీద పెడుతుంది. ఇంకో కుక్కని తెస్తానంటే, "రాజు వస్తే ఏమనుకుంటాడు?" అంటుంది. మంచి పిల్లని తెచ్చి ఒళ్ళో పెడితే అదే మరిచిపోతుంది, ఆ అబద్ధం చెప్పిన సంగతి తనూ మరిచిపోవచ్చు... ఇదీ మూర్తి ఆశ.

ఆరున్నరకి వాన పట్టింది. మామూలు వాన కాదు, కళ్ళు తెరవనివ్వని సముద్రపు వాన. గాలికి సైకిలు రెండుసార్లు పడింది. సంచిలో పిల్ల వణుకుతోంది. కనుచూపు మేరలో కప్పున్నది ఒక్కటే.

కొఠారు.

అయిదు నిమిషాలు, అనుకున్నాడు. సైకిలు గోడకి ఆనించి లోపలికెళ్ళాడు.

గాలి తలుపుని ఒక్క విసురున మూసింది. ఆ కుదుపుకి, బయట పైకెత్తి ఉన్న ఇనప అడ్డగడియ జారి కొంకెలో పడింది. ఆ చప్పుడు స్పష్టంగా వినిపించింది. మూర్తి తోశాడు. భుజం పెట్టి తోశాడు. తలుపు కదల్లేదు.

అగ్గిపెట్టెలో ఒక్క పుల్ల వెలిగింది. నాలుగు గోడలు, అందనంత ఎత్తున ఒక గాలి కంత. తలుపు మీద... గీరలు. నిజంగానే ఉన్నాయి. మొల ఎత్తు నుంచి మనిషి ఎత్తు దాకా. కిందవి సన్నవి. చిన్నపిల్లలవేమో.

పుల్ల ఆరిపోయింది.

అప్పుడు తెలిసింది, పాదాలు తడుస్తున్నాయి. సముద్రపు పోటుకి పక్కనున్న కాలవ పొంగి తలుపు కిందనుంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి.

కాసేపటికి కట్ట మీద సైకిలు బెల్లు వినపడింది. మనిషి!

"అయ్యా! తలుపు తియ్యండి!" రెండు చేతులతో తలుపు బాదాడు. "నేను పోస్టాఫీసు మూర్తినండీ! లోపలున్నాను!"

బెల్లు ఒక్క క్షణం ఆగింది. "రామరామ... రామరామ..." అని ఒక గొంతు. మరుక్షణం బెల్లు గణగణ మోగించుకుంటూ దూరమైపోయింది.

మూర్తికి అప్పుడు అర్థమైంది. ఆ కొఠారు లోపలినుంచి ఎవరు పిలిచినా ఏ మనిషీ ఆగడు. తనైనా ఆగడు.

నీళ్ళు చీలమండ దాటాయి. సంచిని గుండెలకి హత్తుకుని గోడకి జారబడ్డాడు. ఎంతసేపో తెలియదు.

తర్వాత... ఆ చప్పుడు.

బయట. గొలుసు నేల మీద ఈడ్చుకొస్తున్నట్టు. దగ్గరికొచ్చింది. ఆగింది.

గీకుడు మొదలైంది. తలుపు కింద, నేల బారున — గర్, గర్, గర్...

మూర్తి గోడకి ఇంకా అతుక్కుపోయాడు. పిల్ల మాత్రం సంచిలోంచి దూకి, నీళ్ళలో తడుముకుంటూ తలుపు దగ్గరికి పరిగెత్తి తోకాడించింది. ఆ తోక చప్పుడు నీళ్ళలో తెలుస్తోంది.

దాన్ని వెనక్కి లాగబోయి చీకట్లో చెయ్యి చాచాడు. చేతికి తగిలింది పిల్ల కాదు. తలుపు కిందనుంచి లోపలికొచ్చిన ఒక కాలు. పెద్దది. తడిసి, చల్లగా ఉంది.

అది వెనక్కి లాక్కోలేదు.

సాయంత్రమంతా చేసిన పని ఆ వేళ్ళకి అలవాటైపోయిందేమో, వాటంతటవే లెక్కపెట్టాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగు... చివరి వేలుండాల్సిన చోట నున్నటి మొండి.

"రాజూ..." అన్నాడు.

గీకుడు ఆగింది. మళ్ళీ మొదలైంది, ఇంకా గట్టిగా.

మూర్తి మోకాళ్ళ మీద పడి ఇటునుంచి తవ్వడం మొదలెట్టాడు. ఇటిక ముక్కతో, తర్వాత చేతులతో. ఒండ్రు మెత్తగా ఊడొస్తోంది. "విప్పలేదురా... నేను విప్పలేదు," అంటూనే తవ్వాడు. ముందు పిల్లని బయటికి తోశాడు. తర్వాత వీపు గీరుకుపోతుండగా తను దూరాడు.

బయట ఎవరూ లేరు. వాన వెలిసింది. కట్ట మీద గొలుసు చప్పుడు సముద్రం వైపు పోతోంది.

ఇల్లు చేరేసరికి తొమ్మిదీ నలభై. బుజ్జి అరుగు మీద ముద్ద ముందు కూర్చుని ఉంది. ఆండాళ్ లాంతరు పట్టుకొచ్చి, ఆయన చేతులు చూసి, "అయ్యో, ఏమైందండీ!" అంది. మూర్తి వెళ్ళి కూతురి ముందు కూర్చున్నాడు.

"బుజ్జీ, ఆ రాత్రి నేను రాజుని విప్పలేదమ్మా."

బుజ్జి ఏడవలేదు. "తెలుసు నాన్నా. డాబా మీదికి గొలుసు చప్పుడు వినపడింది."

"మరి... ఈ ముద్ద?"

"నువ్వు చెప్పేదాకా పెడదామనుకున్నా."

ఆ ముద్ద ఆ రాత్రి నల్లపిల్ల తినేసింది. దానికి గొలుసు కొనలేదు.

ఎనిమిదో రోజున పోతయ్య కోడూరు వచ్చాడు. తల్లికుక్క కూడా వెంట ఉంది.

"మీరెళ్ళిన రాత్రి ఇది తెల్లారేదాకా ఇంటికి రాలేదండీ. వచ్చేసరికి ముందుకాళ్ళు గీరుకుపోయి ఒకటే నెత్తురు. పిల్ల కోసం మీ వెనకాలే వచ్చినట్టుంది."

మూర్తి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఎనిమిది రోజుల్లో మొదటిసారి నవ్వాడు కూడా. తల్లి! అంతే కదా. చీకటి, భయం, తన వేళ్ళ పొరపాటు.

"దీనికి గొలుసు కడతావా పోతయ్యా?"

"గొలుసా? మా గుడిసెల్లో గొలుసెక్కడిదండీ బాబూ!"

కొఠారు సంగతంతా నాన్న నోట విన్న బుజ్జి తల్లికుక్క పక్కన గొంతుక్కూర్చుంది. మానుతున్న పుళ్ళని తప్పించుకుంటూ ఒక్కొక్క కాలే చేతిలోకి తీసుకుని, నాలుగు కాళ్ళూ అయ్యాక తలెత్తింది.

"ఇరవై ఉన్నాయి నాన్నా. ఒక్కటీ పోలేదు."