మేపుల్ చెట్టు మీది రెండో కెమెరా

డెల్బర్ట్ కొట్లో ఏడాదంతా ఒక పక్క ఇంటి సామాను, ఇంకో పక్క వేట సామాను ఉంటాయి. నవంబరు వచ్చిందంటే మాత్రం బకెట్లూ చీపుళ్ళూ వెనక గదిలోకి వెళ్ళిపోతాయి. తూటాల పెట్టెలు, నారింజ రంగు కోట్లు, జింకలకి ఎర వేసే క్యారెట్ల బస్తాలు గుమ్మం దాకా పాకుతాయి. మిషిగన్ ఉత్తరపు కొసన ఆ చిన్న ఊళ్ళో అందరూ అక్కడే కొంటారు, అక్కడే కబుర్లాడతారు. తొలి మంచు పడి కరక్కుండా నిలిచిన వారంలో ముసలి టౌనో తన కోడలు మార్లిస్‌ని వెంటబెట్టుకుని ఆ కొట్టుకి వెళ్ళాడు. అడవిలో కట్టిన కెమెరాని ఎవడో ఎత్తుకుపోయాడు. కొత్తది కావాలి.

"పట్టీ కోసి మరీ పట్టుకుపోయాడు వెధవ," అన్నాడు టౌనో.

"కోయడా మరి? బూటు లేసు కట్టినట్టు కట్టొస్తే," అన్నాడు డెల్బర్ట్. "అరవై ఏళ్ళ నుంచి అడవిలో తిరుగుతున్నావు. ఇంకా దొంగలకి మర్యాదలు చేస్తున్నావు."

డెల్బర్ట్ బల్ల మీద రెండు రకాలు పెట్టాడు. రెండూ అరచేతిలో పట్టేంతవి, చెట్టు బెరడు రంగువి. ముందు నుంచి ఏ జంతువు నడిచినా వాటంతట అవే ఫొటో తీసుకుంటాయి.

"ఇది చీకట్లో తీసేటప్పుడు నిప్పు కణికలా ఎర్రగా మెరుస్తుంది. జింక పట్టించుకోదు గానీ దొంగ పట్టించుకుంటాడు. ఇదుందే, దీని వెలుగు ఎవడి కంటికీ ఆనదు. బొమ్మ కాస్త మసగ్గా వస్తుంది, అంతే. నా మాట విని ఇలాంటివి రెండు తీసుకెళ్ళు. ఒకటి చేతికందే ఎత్తులో ఇనుప పెట్టెలో పెట్టి, ఉక్కు తాడుతో చెట్టుకి బిగించి తాళం వెయ్యి. రెండోది ఎదురు చెట్టు మీద, నిచ్చెన లేకుండా అందనంత ఎత్తున, కిందికి వంచి పెట్టు. వాడు కింది దాంతో కుస్తీ పడుతుంటే పైది వాడి మొహం పట్టేస్తుంది." ఆపి, మార్లిస్ వైపు తిరిగాడు. "ఏమంటావమ్మాయ్?"

"ఏదైనా ఒకటే," అంది మార్లిస్.

ఏడాదిగా ఆమె అందరికీ చెప్పే జవాబు అదే. కిందటి వేట రోజుల్లో ఆమె మొగుడు కర్ట్ ఒంటరిగా అడవికి వెళ్ళి, దేవదారులా ఏడాదంతా పచ్చగా ఉండే ఒక హెమ్లాక్ చెట్టుకి జేరబడి కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు. వెతుక్కుంటూ వెళ్ళిన టౌనోకి ఒళ్ళో తుపాకీతో, భుజాల మీద మంచుతో కనిపించాడు కొడుకు. మార్లిస్ ఏడవలేదు. మూడో రోజుకల్లా బడి బస్సు నడపడానికి వెళ్ళింది. వండింది, తింది, పడుకుంది. ఊరంతా ఆమెది గట్టి గుండె అనుకుంది. అది గట్టిదనం కాదని ఆమెకి తెలుసు. కాలు తిమ్మిరెక్కితే కాసేపటికి సూదులు గుచ్చినట్టు అయి మళ్ళీ మన కాలు మనకొస్తుంది. ఆమెకి ఆ సూదులే రాలేదు. ఒకసారి కట్టెల పొయ్యి మీద చెయ్యి ఆన్చి, కమురు వాసన వచ్చాక గానీ తీసుకోలేదు.

టౌనో ఆ ఇంట్లోనే పై గదిలోకి మారాడు. ఏడవమని గానీ, ఓర్చుకోమని గానీ కోడలికి ఎప్పుడూ చెప్పలేదు. పని ఉన్నప్పుడు "రా" అని అడవికి తీసుకెళ్ళేవాడు. అంతే.

ఆ రోజూ అలాగే వెళ్ళారు. ఇనుప పెట్టెని హెమ్లాక్ చెట్టుకి బిగించారు. కర్ట్ కూర్చున్న చెట్టే. జింకల దారి అక్కడ మలుపు తిరుగుతుందన్నాడు టౌనో. అదీ నిజమే. ఎండ అద్దం మీద పడకుండా కెమెరాని ఉత్తరానికి తిప్పారు. గాలికి ఊగి ఉత్తుత్తి ఫొటోలు తీయించే కొమ్మల్ని విరిచేశారు. చలికి చావని బ్యాటరీలు వేశారు. ఎదురుగా ఉన్న మేపుల్ చెట్టుకి నిచ్చెన వేసి, టౌనో పైకెక్కి రెండో కెమెరా కట్టాడు. అది కిందికి చూసేలా దాని వెనక ఒక పుల్ల దోపాడు. మార్లిస్ నిచ్చెన పట్టుకుంది. ఇద్దరూ రబ్బరు తొడుగుల చేతులతో క్యారెట్లు గుమ్మరించి వచ్చేశారు.

మాటిమాటికీ వెళ్తే మనిషి వాసనకి జింకలు దారి మార్చుకుంటాయని, కొన్నాళ్ళు అటు తొంగి చూడలేదు. తర్వాత టౌనో ఒక్కడే వెళ్ళి రెండు కెమెరాల్లోనూ ఫొటోలుండే కార్డులు మార్చి తెచ్చాడు. ఆ సాయంత్రం వంటగది బల్ల మీద, మాంసం కూరిన పాస్టీలు తింటూ, కంప్యూటర్‌లో ఫొటోలు చూశారు.

కింది కెమెరాలో అన్నీ జింకలే. పై కెమెరాలోనూ ముందు జింకలే. ఒక నక్క. మళ్ళీ జింకలు.

ఆ తర్వాతి ఫొటోలో హెమ్లాక్ మొదట్లో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

వీపు చెట్టుకి ఆన్చాడు. కుడి మోకాలు మడిచాడు. ఎడమ కాలు బారుగా చాపాడు. టోపీ కళ్ళ మీదికి ఉంది. అతని బూటుకి మూరెడు దూరంలో రెండు జింకలు తల వంచుకుని క్యారెట్లు తింటున్నాయి. తర్వాతి ఫొటోలో జింకలున్నాయి, మనిషి లేడు. వస్తున్న ఫొటో లేదు, వెళ్తున్న ఫొటో లేదు.

కర్ట్ చిన్నప్పుడు పాక మీంచి పడ్డాడు. ఎడమ మోకాలు మళ్ళీ మడత పడలేదు.

"దొరికాడు దొంగ వెధవ," అన్నాడు టౌనో.

"దొంగయితే పెట్టె ముట్టుకోలేదేం?"

"తాళం ఉందిగా."

"జింకలు బెదరలేదేం మావయ్యా?"

టౌనో లేచి, పొయ్యి మీద కాఫీ ఉండగానే మళ్ళీ కాఫీ పెట్టాడు. "రేపు సాయంత్రం వెళ్ళి రెండూ విప్పుకొచ్చేస్తాను," అన్నాడు అటు తిరిగే. "నువ్వు రావద్దు."

మార్లిస్ ఆ ఫొటోనే చూస్తూ కూర్చుంది. దుఃఖం రాలేదు. భయమైనా వస్తుందేమోనని చూసింది. అదీ రాలేదు.

మర్నాడు సాయంత్రం బడి పిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపేశాక ఆమె బస్సుని బడి దగ్గర పెట్టి, కర్ట్ పాత ట్రక్కు వేసుకుని నేరుగా అడవికి వెళ్ళింది. దారి చివర బండి ఆపి నడిచింది. అప్పటికే వెలుగు పల్చబడుతోంది. మంచు మీద నీలిరంగు నీడలు సాగుతున్నాయి. హెమ్లాక్ కింద జింకల అడుగులు, ముందురోజు టౌనో వేసిన బూటు గుర్తులు తప్ప వేరే జాడ లేదు. ఆమె చెట్టుకి జేరబడి కూర్చుంది, ఉత్తరానికి తిరిగి, అతను కూర్చున్న చోటే. తల పైన ఇనుప పెట్టె. ఎదురుగా పైన, ఆకులు రాల్చేసిన మేపుల్ మీద, రెండో కెమెరా చిన్న గాజు కన్ను.

ఏం కావాలని వచ్చిందో ఆమె ఆలోచించుకోలేదు. కూర్చుంది, అంతే.

గాలి లేదు. ఎక్కడో ఒక కొమ్మ మంచు బరువుకి జారి మళ్ళీ పైకి లేచింది. జిగురు వాసన, తడి బెరడు వాసన. కాసేపటికి వాటి మధ్య ఇంకో వాసన తెలిసింది. తుపాకీ నూనె. తడిసిన ఉన్ని.

చెట్టు వెనక మంచు నలిగింది.

ఒక అడుగు. ఆ తర్వాత ఏదో ఈడ్చిన చప్పుడు. మళ్ళీ ఒక అడుగు... మళ్ళీ ఈడ్పు. తొందర లేదు. చెట్టుకి అవతలి పక్కన వచ్చి ఆగింది. బెరడుకి ఉన్ని రాసుకుంది. ఎవరో మెల్లగా కిందికి జారి కూర్చున్నారు.

ఆ బరువుకి చెట్టు ఇటువైపు ఆమె వీపుని నెట్టింది.

అది ఆమెకి తెలిసింది. ఏడాదిలో ఒంటికి తెలిసిన మొదటి సంగతి అదే. అందుకే లేవలేదు.

"కదలకు," అంది గొంతు, గుసగుసగా. "వస్తున్నాయి."

కర్ట్ మాటే. పెళ్ళయిన కొత్తలో ఆమెని వేటకి తీసుకొచ్చినప్పుడల్లా, జింకల అలికిడి తనకి ముందు వినిపించి, చెవి దగ్గర అలాగే చెప్పేవాడు. చెప్పాక ఒకసారి గొంతు సవరించుకునేవాడు. ఇప్పుడూ సవరించుకున్నాడు.

ఆమె కదల్లేదు.

"కదలకు. వస్తున్నాయి." గొంతు సవరింపు.

ఆమెకి కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు.

"కదలకు. వస్తున్నాయి." గొంతు సవరింపు... అదే సాగదీత, అదే చోట ఆపడం. ఒక్క పిసరు తేడా లేదు.

"ఏం వస్తున్నాయి కర్ట్?" అంది ఆమె.

అవతల ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత...

"కదలకు. వస్తున్నాయి."

వచ్చాయి. చెట్ల సందుల్లోంచి ఒకటొకటిగా జింకలు. క్యారెట్ల మీదికి వంగలేదు. ఆమె చుట్టూ నిలబడ్డాయి. చెవులు కదపలేదు. ఒకటి దగ్గరకొచ్చి ఆమె చేతిని వాసన చూసింది. నాకింది. నాలుక వెచ్చగా ఉందో లేదో ఆమెకి తెలియలేదు.

అప్పుడు చెట్టు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చింది. నెమ్మదిగా, చెట్టు చుట్టూ తడుముకుంటూ. ఉన్ని తొడుగు. అది ఆమె మణికట్టు మీద ఆనింది. బరువు లేదు. మంచు పొర వాలినట్టు వాలింది, అంతే. అక్కడి నుంచి చలి మోచేతికి, భుజానికి ఎక్కింది. నొప్పి లేదు. నిద్రలా ఉంది. హాయిగా ఉంది. ఇక లేవక్కర్లేదు కదా, అనుకుంది ఆమె. ఆ అనుకున్నది తనేనా అని కూడా అనుకుంది...

"మార్లిస్."

దూరంగా టౌనో గొంతు. టార్చి వెలుగు చెట్ల మధ్య ఊగుతూ వస్తోంది. ఆమె చూసేసరికి చుట్టూ జింకలు లేవు. పరుగెత్తిన చప్పుడు వినపడలేదు. మణికట్టు మీద ఏమీ లేదు.

ఆమె లేచింది. తేలిగ్గా లేచింది. కాళ్ళు పట్టేయలేదు. నానిన కోటు విప్పి పడేసి లేచినట్టుంది. మామగారి వైపు నడిచింది.

టౌనో ఆమె మొహం మీద వెలుగు వేసి, వెంటనే దించేశాడు. భుజాన మోసుకొచ్చిన నిచ్చెనని మేపుల్ చెట్టుకి ఆన్చాడు. "పట్టుకో," అన్నాడు. ఆమె పట్టుకుంది. హెమ్లాక్ వైపు వీపు పెట్టి నిలబడింది. ముసలాయన ఎక్కి, చలికి బిగిసిన పట్టీతో కాసేపు తంటాలు పడి, కెమెరా ఊడదీశాడు. దిగబోతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. నిచ్చెన కాసేపు వణికింది.

హెమ్లాక్ మీది ఇనుప పెట్టె జోలికి పోలేదు. "ఉండనీ," అన్నాడు.

ఎవరి బండి వాళ్ళు నడుపుకుంటూ ఇంటికొచ్చారు. టౌనో బూట్లు కూడా విప్పకుండా వంటగది బల్ల దగ్గర కూర్చుని కార్డు పెట్టాడు. మార్లిస్ అతని వెనక నిలబడింది.

పగటి వెలుగులో ఆమె వచ్చి కూర్చోవడం. కూర్చుని ఉండడం. చీకటి పడ్డాక బూడిద రంగు ఫొటోలు. ఆమె ఒక్కతే. చుట్టూ జింకలు. చెట్టుకి ఆ పక్కన ఎవరూ లేరు. చెయ్యి లేదు. టౌనో గట్టిగా ఊపిరి వదిలాడు.

చివరి ఫొటో వచ్చింది.

అందులో ఓ అంచున టౌనో నిలబడి ఉన్నాడు, భుజాన నిచ్చెనతో, టార్చి కిందికి దించి. అతని ముందు మార్లిస్, అతని దగ్గరికి నడుస్తూ. వెనకాల హెమ్లాక్ మొదట్లో మార్లిస్ కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. తల పైకెత్తి ఉంది. కెమెరాకేసి కాదు, వెళ్ళిపోతున్న మనిషికేసి చూస్తోంది. నోరు తెరిచి ఉంది, పిలుస్తున్నట్టు.

టౌనో ఫొటోని పెద్దది చేశాడు. చలికి తన నోటి ముందు ఆవిరి, తెల్లగా. చెట్టు కింద కూర్చున్న మనిషి నోటి ముందూ ఆవిరి. మధ్యలో నడుస్తున్న మనిషి దగ్గరికి జరిపాడు. అక్కడే ఆగిపోయాడు. ఆ నోటి ముందు ఏమీ లేదు. తర్వాత కంప్యూటర్ మూసేశాడు.

వెనక్కి తిరగలేదు. కుర్చీ పక్కకి జరిపి, గోడ వారగా వెళ్ళి, వీధి తలుపు తీసుకుని బయట వాకిట్లో దీపం కింద నిలబడ్డాడు. లోపలికి చలిగాలి కొట్టింది. అతని ఊపిరి పొగలా దీపం చుట్టూ తిరిగింది.

"అమ్మాయ్," అన్నాడు మెల్లగా. "ఒకసారి ఇలా బయటికి రా."

మార్లిస్ వచ్చి గుమ్మం దాటి, అతనికి ఎదురుగా దీపం కింద నిలబడింది. ముసలాయన ఆమె కళ్ళలోకి చూడలేదు. నోటికేసి చూస్తున్నాడు.

"ఏదైనా మాట్లాడు," అన్నాడు.

ఆమె పెదాలు గట్టిగా మూసుకుంది.