తెప్ప దిగితే కోర్టే!

ఢాం!

నర్మద తల దించుతుంది. తూటా చెవి పక్క నుంచి పోయి నీళ్లలో పడుతుంది.

ఇంకా తెల్లవారలేదు. గోదారి ఒడ్డున కోడి కూడా లేవలేదు. భూపాల్‌రావు మనుషులు మాత్రం లేచారు!

"కూసో సార్! నిలబడకు! తెప్ప బోర్లబడ్తది!"

ఎస్సై కొండల్‌రావు కూర్చోబోతాడు. తెప్ప ఊగుతుంది. వెదురు మీద వెల్లకిలా పడతాడు.

"గీ తెప్ప మునుగదు గద నర్మదా?"

"ఇయ్యాల్టి దాంక మునుగలే. తాడు కట్టుకున్నవా?"

"ఏం తాడు?"

"నా టూర్ల రూల్ సార్! తెప్పెక్కినోళ్లు నడుముకు తాడు కట్టుకోవాలె. మంత్రైనా సరే, మున్షైనా సరే!"

తెడ్డు మోకాళ్ల నడుమ ఇరికిస్తుంది. అతని నడుముకు తాడు చుట్టి, కొస వెదురుకు బిగిస్తుంది. ముడి వీపు వెనక పడుతుంది. దాన్ని విప్పాలంటే నర్మదైనా కావాలి, కత్తైనా కావాలి.

ఢాం! ఢాం!

రెండూ ఆమె పక్కనే పడ్డాయి. రెండూ!

నర్మద పళ్లు కొరుకుతుంది. తెడ్డు వేస్తుంది.

నాలుగు లారీ ట్యూబులు, వాటి మీద వెదురు, చుట్టూ నైలాన్ తాడు. ఇదీ ఆమె తెప్ప. "గోదారి-గుట్టలు: ఒక్క రోజు టూర్" అని మంచిర్యాల స్టేషన్ ముందు బోర్డు పెట్టింది. పొద్దున తెప్ప మీద బండల నడుమ ఉరుకుడు. పగలు జీపులో అడవి. సాయంత్రానికి మళ్లీ స్టేషన్. హైదరాబాద్ కాలేజీ పిల్లలు కేకలు పెట్టుకుంటూ వస్తారు, కేకలు పెట్టుకుంటూ పోతారు. ఆడదానికి ఈ వేషాలేంటని మూతి విరిచినవాళ్లు ఇప్పుడు చుట్టాలొస్తే ఆమె దగ్గరికే పంపుతున్నారు.

కిందటేడు ఇదే తెప్ప మీద నుంచి ఆమె ఒక హత్య చూసింది.

దొంగ టేకు లారీకి అడ్డం నిలబడ్డాడని ఫారెస్ట్ గార్డు అంజన్నను కాంట్రాక్టర్ భూపాల్‌రావు ఒడ్డు మీదే కాల్చేశాడు. తెప్పలో ఉన్న టూరిస్టులు ఆ రాత్రే రైలెక్కారు. మళ్లీ కనబడితే ఒట్టు! మిగిలిన సాక్షి నర్మద ఒక్కతే. భూపాల్‌రావు బెయిల్ మీద దర్జాగా తిరుగుతున్నాడు.

ఈ రోజు మంచిర్యాల కోర్టులో ఆమె పేరు పిలుస్తారు. మూడుసార్లు.

మూడో పిలుపుకు ఆమె లేకపోతే... కేసు గాలికి పోతుంది! అంజన్న గోదాట్లో కలిసినట్టే!

ఆమె ఊరు కరీంనగర్ ఒడ్డున. కోర్టు ఆదిలాబాద్ ఒడ్డున. వంతెన మీద భూపాల్‌రావు జీపులు కాపు కాస్తున్నాయి. రక్షణ కోసం పంపింది ఈ ఎస్సై ఒక్కణ్నే. రోడ్డు వాళ్లదైతే ఏమైంది? నర్మద తన టూర్ దారినే పోతోంది!

"అవతలికి పోయినంక ఊటొర్రె తొవ్వే గద?" ఎస్సై గొంతు తగ్గించి అడుగుతాడు. "నిన్న మాపటీలి చెప్పినట్టు?"

"గదే సార్. మాటంటే మాటే."

నది నడుమకు వచ్చారు. వెనక కాల్పులు ఆగాయి.

ఉన్నట్టుండి ఎస్సై రివాల్వర్ తీసి ముందున్న వెదురు మీద పెడతాడు. జేబులోంచి రూపాయి బిళ్ల తీస్తాడు. కళ్లకద్దుకుంటాడు. నీళ్లలో వేస్తాడు. రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంటాడు!

"సార్! గిప్పుడా?"

"గంగమ్మకు మొక్కకుంట దాటుతరా? మా అవ్వ నేర్పింది."

"పానం మీదికొస్తుంటే!"

"పానం ఇచ్చింది గా తల్లే. చేతిల తుపాకి పెట్టుకొని మొక్కుతరా మరి?"

నర్మదకు నవ్వొస్తుంది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

బండలు!

నీళ్లు బుస్సుమని లేస్తాయి. తెప్ప ముక్కు పైకి... తోక కిందికి... ఎస్సై రివాల్వర్ అందుకుంటాడు. అంతే! మనిషి తెప్పలో లేడు!

తాడు బిర్రుగా లాగుతుంది.

నర్మద కాళ్లు తన్నిపెట్టి లాగుతుంది. ఒక్క గుంజు. ఇంకో గుంజు. ఎస్సై తల నీళ్లలోంచి లేస్తుంది. చేతిలో రివాల్వర్ మాత్రం వదల్లేదు!

"నాకు... ఈత... రాదు!"

"గందుకే సార్ రూలు!"

*

ఆదిలాబాద్ ఒడ్డు. తుమ్మచెట్ల చాటున జీపు. స్టీరింగ్ ముందు జబ్బార్. గడ్డం నెరిసింది కానీ గేరు మార్చడంలో ఇంకా పాతికేళ్ల పిల్లగాడే. టూర్ మొదలైన రోజు నుంచీ నర్మదకు జీపు అతనే.

తెప్పను జీపు మీదికి ఎత్తి తాళ్లు బిగిస్తారు.

"ఏ తొవ్వ చెల్లె? నాకింకా చెప్పకపోతివి!"

"ఊటొర్రె తొవ్వ భాయ్!"

"అరె! గీ బురదలనా? సరే, గట్టిగ పట్టుకోండ్రి!"

జీపు దూకుతుంది.

వెనక లైట్లు! ఇంకో జీపు!

"వచ్చిండ్రు!" ఎస్సై అరుస్తాడు.

"రానియ్!" జబ్బార్ లైట్లు ఆర్పేస్తాడు.

తూర్పున తెల్లటి గీత. దాని వెలుతురులోనే బండి కిందికి జారుతుంది. ఒర్రె! మోకాళ్లలోతు నీళ్లు. కింద గులకరాళ్లు. ఇంజన్ మూలుగుతుంది. చక్రం తిరుగుతుంది... తిరుగుతుంది... అక్కడే తిరుగుతుంది!

"దిగి నూకాల్నా?" నర్మద అడుగుతుంది.

"టికెట్ కొన్నోళ్లతోని నూకిస్తవు, నువ్వు నూకుతవా? కూసో!"

జబ్బార్ వెనక్కి తీస్తాడు. ఏటవాలుగా తిప్పుతాడు. ఒక్క ఊపు! జీపు గట్టెక్కి అడవిలో పడుతుంది.

వెనక వచ్చిన జీపు అదే ఒర్రెలో దిగుతుంది. దిగి అక్కడే ఉంటుంది. వాళ్ల తిట్లు చాలాదూరం వినబడతాయి.

"షాబాష్ భాయ్!"

"చాయ్ బాకీ, చెల్లె!"

మలుపు తిరుగుతారు.

బ్రేక్!

దారికి అడ్డంగా టేకు చెట్టు. రాత్రే కొట్టినట్టుంది. నరికినచోట ఇంకా తడి ఆరలేదు.

అటు లోయ. ఇటు బండ. ముందుకు పోయే దారే లేదు!



క్లిక్!

రివాల్వర్ జబ్బార్ తలకు ఆనుతుంది.

"దిగు," అంటాడు ఎస్సై. "ఎంతకు అమ్ముడుపోయినవ్ రా?"

"సార్? నేనా?"

"గీ తొవ్వ సంగతి మన ముగ్గురికే ఎరుక! నేను పోలీసోన్ని. ఈమె సాక్షి. మిగిలింది ఎవడు?"

"ఖుదా కసమ్ చెల్లె! నా బిడ్డ షాహిదా మీద ఒట్టు! నాకు..."

"నోర్ముయ్!"

జబ్బార్ కళ్లు నర్మద మీదే ఉన్నాయి. ఆ కళ్లలో భయం కన్నా బాధ ఎక్కువుంది.

నర్మద మొహం గట్టి చేసుకుంటుంది.

"బేడీలెయ్యి సార్," అంటుంది. "గాయినను జీపుకే కట్టెయ్యి."

"చెల్లె!"

ఆమె అటు చూడదు. చూస్తే ఏడుస్తుంది.

బేడీ ఒకవైపు జబ్బార్ చేతికి, ఇంకోవైపు స్టీరింగ్‌కు. ఎస్సై తాళంచెవి జేబులో వేసుకుంటాడు.

"ఇప్పుడెట్ల నర్మదా?"

"తెప్పుంది. గుట్ట దిగితే గోదారే. నీళ్ల మీదనే మంచిర్యాల రేవుకు పోదాం."

"మంచి ఆలోచన," అంటాడు ఎస్సై. ఆ మాటలో తొందర కనబడుతుంది.

*

ఎండ ఎక్కింది. నది వెడల్పుగా, నింపాదిగా పారుతోంది. ముందర పెద్ద వంపు. వంపు దాటితే రేవు. రేవు నుంచి కోర్టు పిలుపంత దూరం.

ఈసారి ఎస్సై తానే నడుము చూపించాడు. "జర గట్టిగ కట్టు."

గట్టిగానే కట్టింది.

నది నడుమ. అటూ ఇటూ మనిషి లేడు. పడవ లేదు.

"జర ఆపు నర్మదా."

రివాల్వర్ ముందున్న వెదురు మీదికి వస్తుంది. జేబులోంచి బిళ్ల తీస్తాడు. ఇంకోటి తీస్తాడు.

రెండు!

"రెండేంది సార్?"

"ఒకటి నీ పేరు మీద."

గోదారి చప్పుడు కూడా ఆగినట్టవుతుంది.

టప్. టప్. రెండూ మునుగుతాయి. ఎస్సై చేతులు జోడిస్తాడు. కళ్లు మూస్తాడు. పెదాలు కదులుతాయి.

"తప్పు కాయి తల్లీ..."

కళ్లు తెరుస్తాడు.

వెదురు మీద రివాల్వర్ లేదు!

దాని గొట్టం అతని ముక్కు ముందుంది.

"కాస్తది సార్," అంటుంది నర్మద. "గంగమ్మ తల్లి కదా. నేనే కాయ!"

ఎస్సై ఎగురుతాడు. తాడు వెనక్కి గుంజుతుంది. మళ్లీ ఎగురుతాడు. మళ్లీ గుంజుతుంది. చేతులు వీపు వెనక ముడి కోసం తడుముకుంటాయి.

"జోరుగ ఊపకు! ఈత రాదంటివి!"

చల్లబడతాడు. "నీకు... ఎట్ల..."

"ఊటొర్రె తొవ్వని నిన్న మాపటీలి నీకొక్కనికే చెప్పిన. జబ్బార్ భాయ్‌కి జీపెక్కేటప్పుడు చెప్పిన. చెట్టేమో అప్పటికే పడున్నది! మళ్ల ఎవడు చెప్పిండు? పొద్దుగాల తూటాలు ఒక్కటన్నా నీ దిక్కు వచ్చిందా?"

"మరి తెలిసి తెలిసి నాతోని..."

"గట్టు మీద తుపాకి నీది సార్. నేను నోరు తెరిస్తే భాయ్‌ని కాలుస్తుంటివి. నీళ్లల్ల రాజ్యం నాది! నడుమకు రాంగనే తుపాకి కిందబెట్టి మొక్కుతవని పొద్దున్నే సూసిన."

ఎస్సై మొహం నల్లబడుతుంది. తరవాత కోపం వస్తుంది. కోపం వస్తే మనిషి తెలివి ముందే దిగి పోతుంది.

"ఇంట్ల చంపితే నా నౌకరికి మోసమని ఊకున్న! గోదాట్ల పోతే డ్రైవర్ మీద పడ్తదనుకున్న! అయినా నువ్వు రేవు దాటలేవ్! భూపాల్‌రావు మనుషులు మెట్ల మీదనే ఉన్నరు. తుపాకి చప్పుడు ఇనపడేదాంక ఒక్కడు కదలడు!"

నర్మద తెడ్డు ఆపుతుంది.

"చప్పుడు ఇనపడితే?"

ఎస్సై నోరు టక్కున మూసుకుంటాడు. ఆలస్యమైంది!

"కదుల్తరన్నమాట," అంటుంది నర్మద. "సచ్చిందని ఇంటికి పోతరన్నమాట!"

"ఏయ్... వద్దు... నర్మదా!"

ఆమె జన్మలో తుపాకి పట్టలేదు. అంజన్న పడిన ఒడ్డు గుర్తొస్తుంది. ఆ రోజు అతను పడుతూ కూడా తెప్ప దిక్కే చెయ్యూపి, పో బిడ్డా, పో, అన్నాడు. ఆమె పోయింది. ఇప్పుడు తిరిగి వస్తోంది.

రివాల్వర్ ఆకాశంలోకి ఎత్తుతుంది.

ఢాం!

కొంగలు లేస్తాయి. వంపు అవతల ఎవడో ఈల వేస్తాడు. ఒక జీపు స్టార్టవుతుంది. ఇంకోటి. చప్పుళ్లు దూరమవుతాయి... దూరమవుతాయి...

రేవులో చేపలోళ్లు వలలు ఆరేసుకుంటున్నారు. తెప్పకు కట్టేసి ఉన్న ఎస్సైని చూసి నోళ్లు తెరుస్తారు.

"జర చూస్తుండుండ్రి అన్నా," అంటుంది నర్మద దిగుతూ. "తాడు విప్పితే నీళ్లల్ల పడ్తడు. ఈత రాదు."

పరుగు!

*

కోర్టు వరండాలో అంజన్న భార్య యాదవ్వ గోడకానుకొని కూర్చుంది. తెల్లారినప్పటి నుంచి గేటు దిక్కే చూస్తోంది.

లోపల భూపాల్‌రావు. మడత నలగని తెల్లచొక్కా. ఇప్పుడే ఎవడో వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. మీసాల కింద నవ్వు ఆగడం లేదు.

"సాక్షి నర్మదా..." బంట్రోతు అరుస్తాడు.

ఎవరూ లేరు.

"సాక్షి నర్మదా..."

యాదవ్వ కళ్లు తుడుచుకుంటుంది. భూపాల్‌రావు వకీలు కాగితాలు సర్దుతాడు. జడ్జి గడియారం చూస్తాడు.

"సాక్షి నర్మదా..."

"ఉన్న!"

గేటు దగ్గర!

తడిసిన చీర. రేగిన జుట్టు. కాళ్లనిండా బురద. గుడ్డలో చుట్టిన రివాల్వర్ చేతిలో. పోలీసులు అడ్డమొస్తే గొట్టం తన దిక్కు తిప్పి పట్టుకుని జడ్జి ముందు బల్ల మీద పెడుతుంది.

"ఎస్సై సార్ది సార్. రేవుల మనిషి కూడ ఉన్నడు. నన్ను చంపెతందుకు వచ్చిండు."

"అబద్ధం!" భూపాల్‌రావు లేస్తాడు. "సాక్ష్యమేది?"

"గిదిగో సాక్ష్యం!"

వెనక నుంచి కేక. అందరూ తిరుగుతారు.

జబ్బార్! గ్రీజు పులుముకున్న చేతులు. జీపు స్టీరింగ్ చక్రం మొత్తం ఊడదీసి భుజానికి తగిలించుకున్నాడు. దానికి బేడీ. బేడీలో చెయ్యి.

"కట్టెల ట్రాక్టర్ ఎక్కి వచ్చిన సాబ్! దీని తాళంచెవి ఎస్సై సార్ జేబుల ఉన్నది. తీయించి సూడుండ్రి!"

కోర్టంతా గొల్లుమంటుంది. జడ్జి బల్ల కొడతాడు. ఒక జవాను రేవు దిక్కు పరుగెత్తుతాడు.

నర్మద జబ్బార్ దగ్గరికి పోతుంది. కళ్లలో నీళ్లు ఆగవు.

"మాఫ్ చెయ్ భాయ్. గట్ల అనకపోతే నిన్ను కాలుస్తుండె."

"ముందే సైగన్న చెయ్యొద్దా చెల్లె? ఏడుసుకుంట ఏడుసుకుంట నట్లు విప్పిన!"

బోను ఎక్కుతుంది. ప్రమాణం చేస్తుంది.

"అంజన్నను కాల్చింది ఎవరు?" జడ్జి అడుగుతాడు.

నర్మద చెయ్యెత్తుతుంది. వేలు నేరుగా తెల్లచొక్కా దగ్గర ఆగుతుంది. వరండాలో యాదవ్వ లేచి నిలబడుతుంది.

భూపాల్‌రావు మీసాల కింద ఇప్పుడు నవ్వు లేదు. కళ్లు గేటు దిక్కు పోతాయి. గేటుకు అడ్డంగా పోలీసులున్నారు.

"టూర్ అయిపోయింది దొరా," అంటుంది నర్మద. "ఇగ దిగు!"