ట్రేలో లేని ఫోను

ఉదయం తొమ్మిది కాకముందే విలేఖరి మెట్లెక్కి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిలోని ఫోనును బల్ల మీద బోర్లించి, అది వింటుందేమోనన్నట్టు గొంతు తగ్గించింది.

"నన్ను నమ్మిన మనిషి చిక్కుల్లో పడ్డారండీ. ఎలా పడ్డారో నాకే అంతుబట్టడం లేదు."

బల్లకు అవతల ఉన్నావిడ ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి, రిటైరయ్యాక ప్రైవేటు డిటెక్టివుగా బోర్డు పెట్టింది. వీధిలో అందరికీ పిన్నిగారు. పక్కన నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్న మాస్టారు ఆవిడ అక్కగారి భర్త. జీవితమంతా లెక్కలు చెప్పినా, మరదలి బుర్ర మీద ఆయనకున్న నమ్మకం తన లెక్కల మీద కూడా లేదు.

విలేఖరి చెప్పింది. ఒక మందుల కంపెనీ, పరీక్షలో తప్పిన పిల్లల దగ్గుమందును పాసైనట్టు రాసి అమ్ముతోంది. ఆ సంగతి లోపలి మనిషి ఒకరు బయటపెట్టారు. కథనం మొదటి భాగం నిన్న అచ్చయింది. నిన్న మధ్యాహ్నమే కంపెనీ పెద్ద, పరీక్షల గదిలోని ముగ్గురిని నిలబెట్టి ఒక వాక్యం చదివి వినిపించాడు: 'మొన్న కూడా మూడు పెట్టెలకు కళ్లు మూసుకుని సంతకం పెట్టించారు.'

"ఆ మాట పేపర్లో లేదు పిన్నిగారూ. నా ఫోనుకి మాత్రమే వచ్చింది. రహస్య సందేశాల యాప్‌లో, దారిలో ఎవరూ చదవలేకుండా తాళం పడే దాంట్లో. సోమవారం లోపు ఎవరో తేలకపోతే ముగ్గురినీ తీసేస్తామన్నారట."

"లోపలి మనిషి పేరేమిటమ్మా?" మాస్టారు పెన్ను మూత తీశాడు.

"అది చెప్పనండీ. మా అమ్మకే చెప్పలేదు."

పిన్నిగారు అప్పటిదాకా ముడుచుకున్న నుదురు విప్పింది. "చెప్పి ఉంటే కేసు తీసుకునేదాన్ని కాదు. కూర్చో. ఆ వాక్యం వాళ్లకు తెలిసింది గానీ, రాసిందెవరో తెలియలేదెందుకు?"

"ఫోనులో ఆ నంబరు 'ఇస్త్రీ షాపు' అని రాసుకున్నాను. యాప్‌లో ఆ పేరే కనిపిస్తుంది, నంబరు కనిపించదు."

"శభాష్. నీ తాళం గట్టిదే. కానీ ఉత్తరం ఇల్లు చేరాక నువ్వు విప్పి చదువుతావుగా? అక్కడ నీ భుజం వెనక ఎవరో నిలబడ్డారు." ఆవిడ విలేఖరి చేతనే యాప్ సెట్టింగులు తెరిపించింది. ఆ ఖాతాను ఇంకే యంత్రాలతో కలిపారో చూపించే జాబితాలో ఒక టాబ్లెట్ ఉంది. విలేఖరికి వచ్చే, తను పంపే ప్రతి సందేశమూ అందులోనూ కనబడుతుంది. కలిపింది మంగళవారం, పది నలభైకి.

విలేఖరి వేలు ఆ వరుస మీదికి వెళ్లింది. "నాకు టాబ్లెట్ లేదండీ. తీసేస్తాను."

"తీసేయకు. దొంగ గుమ్మంలో ఉన్నాడని తెలిశాక తలుపేసి తరిమేస్తే ఎలా? నీ మనిషికి మాత్రం నేరుగా కబురు పెట్టు, నీ నంబరుకు ఒక్క ముక్క కూడా రాయొద్దని. ఇంతకీ మంగళవారం పది నలభైకి నీ ఫోనెక్కడుంది?"

"ఎడిటరుగారి గది బయట. మీటింగుకి ఫోన్లు లోపలికి తేకూడదని ఆయన రూలు. ఆయనతో సహా అందరం తలుపు పక్కన ట్రేలో పెట్టి వెళ్తాం. కానీ నాలుగంకెల లాకు ఉంది. అది ఎవరికీ తెలియదు."

పత్రికాఫీసు చేరగానే పిన్నిగారు విలేఖరి కుర్చీలో కూర్చుని, కాసేపు తల పైకెత్తి చూసింది. సీటుకు సరిగ్గా పైన గోడకు కెమెరా ఉంది. దాని మీద ఏడాది దుమ్ము పేరుకుంది. మెడ తిరిగే చోట మాత్రం వేలెడంత గీత శుభ్రంగా మెరుస్తోంది.

ముందుగా ఎడిటరును అడిగింది. మీటింగు పదిన్నరకు మొదలైందనీ, తనూ, విలేఖరీ, డెస్కు ఇన్‌చార్జీ పదకొండున్నర దాకా కదలలేదనీ ఆయన చెప్పాడు.

ఫొటోగ్రాఫరు కాస్త చిరాకుపడ్డాడు. "నేను ఆ మీటింగుకి పదిహేను నిమిషాలు లేటండీ. అందుకని నా మీద అనుమానమా?"

"ఫోను ట్రేలోనే పెట్టారా?"

"పెట్టాను. రెండు ఫోన్లుంటే వాటి పక్కనే పెట్టి లోపలికెళ్లాను."

మాస్టారు ఆ మాట రాసుకున్నాడు. పిన్నిగారు అది చూసి తలూపింది.

ఆఫీసు మేనేజరు గది ఎడిటరు గదికి పక్కనే. బల్ల మీద కెమెరాల తెర వెలుగుతోంది. ఆయన కాఫీ తెప్పించి మర్యాదగా మాట్లాడాడు.

"ఆ కెమెరాలు దొంగతనాల కోసమండీ. బిగించి ఏడాదైంది, మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు."

"మంచిది. జాగ్రత్త గలవారు," అని పిన్నిగారు లేచింది.

వరండాలోకి వచ్చాక ఒక చీటీ మీద ఏదో రాసి, మడిచి, మాస్టారి జేబులో పెట్టింది. "ఇప్పుడే చూడకండి బావగారూ. మీరు వెళ్లి పాత సంచికల గదిలో బీరువా వెనక కూర్చోండి. పేపరు చదవడం మీకు అలవాటేగా."

"నిద్రపోవడం కూడా అలవాటే," అన్నాడాయన.

"ఈ ఒక్క పూటకి ఆపుకోండి."

తర్వాత ఆవిడ చెప్పినట్టే విలేఖరి అదే యాప్‌లో మాస్టారి ఫోనుకు సందేశం పంపింది: 'మిగతా కాగితాలు పాత సంచికల గదిలో, కిటికీ పక్క బీరువా పైఅరలో పెట్టాను. సాయంత్రం తీసుకుంటాను.' అప్పటికే అక్కడ ఒక కవరు సిద్ధంగా ఉంది. లోపల తెల్లకాగితాలు.

అయిదింటికి అందరూ ఎడిటరు గదిలో చేరారు.

"ఈ అమ్మాయి తన మనిషిని ఎక్కడా పట్టివ్వలేదు," అని మొదలుపెట్టింది పిన్నిగారు. "యాప్ మోసం చేయలేదు. కన్నం పడింది ఈ ఆఫీసులో. ఈ అమ్మాయి సీటు మీది కెమెరాను ఈమధ్యే ఎవరో కిందకి తిప్పారు. మెడ దగ్గర దుమ్ము రాలిన గీత చూస్తే తెలుస్తుంది. అలా తిప్పితే, ఫోను తెరవడానికి ఏ అంకెలు నొక్కుతోందో కనబడుతుంది."

ఫొటోగ్రాఫరు కుర్చీలో ముందుకు జరిగాడు.

"మంగళవారం లోపల ముగ్గురున్నారు. ట్రేలో మూడు ఫోన్లుండాలి. పదీ నలభై అయిదుకి ఈయన వచ్చేసరికి రెండే ఉన్నాయి. ఈయనే తీసుంటే ఆ లెక్క నాకు తనంతట తాను చెప్పడు. మూడో ఫోను అప్పుడు ఇంకొకరి చేతిలో ఉంది. టాబ్లెట్‌ను కలుపుకుని, మీటింగు అయ్యేలోగా ట్రేలో పెట్టేశారు. ఫోన్లు బయట, మనుషులు లోపల ఉన్న గంటలో పక్క గదిలో ఉన్నదెవరు? కెమెరా తెర ఎవరి బల్ల మీద ఉంది? బావగారూ, చీటీ చదవండి."

మాస్టారు చీటీ విప్పాడు. క్లాసులో మొదటి ర్యాంకు చదివేటప్పటి గొంతుతో అన్నాడు: "'మేనేజరు.' ఇది పొద్దున రాసింది. మూడూ పదికి ఆయన పాత సంచికల గదిలోకొచ్చి, కుర్చీ ఎక్కి, పైఅరలోని కవరు తీసుకెళ్లడం నేను కళ్లారా చూశాను."

 మేనేజరు సంచిలోంచి కవరూ, టాబ్లెట్టూ తీసి బల్ల మీద పెట్టాడు.

"మా అల్లుడు రెండేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. ఆ కంపెనీలో ఉద్యోగం ఇస్తామన్నారు. పేరొక్కటి చెబితే చాలన్నారు."

విలేఖరి గొంతు పెంచలేదు. "మీ మనవరాలికి దగ్గొస్తే వేసేది ఆ మందేనండీ."

 ఎడిటరు మేనేజరు చేత తాళాలు అక్కడే పెట్టించి పంపేశాడు. తర్వాత విలేఖరి వైపు తిరిగి, "రెండో భాగం రేపు మొదటి పేజీలో. పైన నీ పేరు పెద్ద అక్షరాల్లో," అన్నాడు.

"నా పేరు ఎంత పెద్దగా వేసినా పర్లేదు సార్, ఇంకో పేరు మాత్రం అడక్కండి," అంది విలేఖరి. ఆ గదిలో పొద్దుటి నుంచి ఎవరూ నవ్వలేదు, అప్పుడు అందరూ నవ్వారు.

రెండో భాగం వచ్చిన రోజే అధికారులు పరీక్షల గదికి సీలు వేసి, ఆ మందును దుకాణాల నుంచి వెనక్కి తెప్పించారు. సంతకాలు పెట్టించిన కంపెనీ పెద్ద విచారణకు వెళ్లాడు. ముగ్గురు ఉద్యోగుల జోలికి వెళ్లే తీరిక ఎవరికీ లేకపోయింది.

మరుసటి వారం విలేఖరి కొత్త ఫోనుకు ఒక సందేశం వచ్చింది. 'పరీక్షల గది మళ్లీ తెరిచారు, ఈ రోజు డ్యూటీకి వెళ్లాను. తప్పిన సీసా మీద తప్పింది అనే రాశాను. ఎవరూ దిద్దమనలేదు.'

ఆమె రెండుసార్లు చదువుకుంది. ఇద్దరూ కొత్తగా పెట్టుకున్న ఏర్పాటు ప్రకారం అయిదు నిమిషాలకు ఆ అక్షరాలు తెర మీంచి చెరిగిపోయాయి. ఆమె ఫోను సంచిలో వేసుకుని, తలెత్తుకుని పనిలోకి వెళ్లింది.