మూడో రిటార్ట్ దగ్గర చెవిటివాడు

ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌ని చంపింది తుపాకీ కాదు. బఠాణీలు.

బాస్ ఆ మాట చెప్పి బల్ల మీదున్న డబ్బాను ఏజెంట్ వైపు తోశాడు. మామూలు డబ్బా. లేబుల్ మీద నవ్వుతున్న బఠాణీ బొమ్మ. మూత ఉబ్బలేదు, అంచు తుప్పు పట్టలేదు.

"విషం ఎవరు కలిపారు?"

"ఎవరూ కలపలేదు. డబ్బాలోనే పుట్టింది. సీల్ చేసిన డబ్బా ఆవిరిలో బాగా ఉడకాలి. ఉడక్కపోతే లోపల ఒక క్రిమి బతికిపోతుంది. గాలి తగలని చోట హాయిగా పెరిగి విషం కక్కుతుంది. రుచిలో తేడా తెలీదు. ముందు చూపు మసకబారుతుంది. తర్వాత మాట. తర్వాత ఊపిరి."

"మెషీన్ చెడిపోయి ఉండొచ్చుగా?"

"అయితే మెకానిక్‌ని పిలిచేవాణ్ణి. నిన్నెందుకు పిలుస్తాను?"

బాస్ గోడ మీద మ్యాప్ వైపు వేలు చూపించాడు. సరిహద్దు కొండలు. మంచు పడితే దారులు మూసుకుపోతాయి. చలికాలమంతా అక్కడి సైనికులు తినేది ఈ ఒక్క ఫ్యాక్టరీ డబ్బాలే. చివరి కాన్వాయ్‌లో చెడ్డ సరుకు వెళ్లిందంటే, ఒక్క తూటా పేలకుండా పోస్టులన్నీ ఖాళీ అవుతాయి. అటువైపు వాళ్లు నడుచుకుంటూ వచ్చి కూర్చోవచ్చు.

"ఇది చేయిస్తున్న విదేశీ గూఢచారి రింగ్‌కి మన ఫైల్స్‌లో పేరు 'వంటిల్లు'. ఫ్యాక్టరీలో వాళ్ల మనిషి ఒకరున్నారు. మన మనిషి కూడా ఉంది. కోడ్ నేమ్ 'మల్లె'. ల్యాబ్ హెడ్. ఈమధ్య ఆమె రిపోర్టులు మరీ తీయగా ఉంటున్నాయి. ఆ ఇద్దరూ ఒక్కరేనని నా అనుమానం."

"నా కవర్?"

"రిటార్ట్ ఆపరేటర్. చెవిటి, మూగ. చెవిటివాడి ముందు ఎవరూ గొంతు తగ్గించరు."

"ఎన్నాళ్లు?"

"తేలేదాకా." బాస్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నీకు ఇంట్లో ఎవరున్నారు?"

"అక్క. ఆదివారాలు ఫోన్ చేస్తాను."

"ఓడలో ఉద్యోగం వచ్చిందని చెప్పు."

అక్క నమ్మింది. నమ్మినట్టు నటించిందేమో కూడా తెలీదు. "మళ్లీ ఓడేనా? నీకు ఈత కూడా రాదు కదరా!" అంది. అతను నవ్వి ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత అతని గొంతు ఎవరూ వినలేదు.

డిపార్ట్‌మెంట్ రెండు వస్తువులు ఇచ్చింది. ఒకటి హియరింగ్ ఎయిడ్. చూసేవాళ్లకి పనికిరాని పాతది. నిజానికి అందులో బాస్ మాట్లాడతాడు. జవాబు గోటితో కొట్టాలి, అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు, పొడుగు కబురైతే మోర్స్ కోడ్‌లో ఒక్కో అక్షరం. రెండోది బఠాణీల డబ్బా. నడిమధ్యలో సెన్సర్ ఉంటుంది. అసలైన వేడి తగిలితే అడుగున చుక్క ఆకుపచ్చగా మారుతుంది. లేకపోతే ఎర్రగానే ఉండిపోతుంది. అంతకుముందు ఇంకో ఊళ్లో, ఇంకో ఫ్యాక్టరీలో రిటార్ట్ పని పూర్తిగా నేర్పించి మరీ పంపారు. ఆ పూర్తిగా నేర్పించడమే తర్వాత కొంప ముంచబోయింది.

రిటార్ట్ అంటే పడుకోబెట్టిన పెద్ద ఉక్కు పీపా. డబ్బాల బుట్టల్ని పట్టాల మీద లోపలికి తోసి, చక్రం తిప్పి తలుపు బిగిస్తారు. ఆవిరి వదులుతారు. ముందు పైనున్న వెంట్ బార్లా తెరిచి లోపలి గాలినంతా తరిమేయాలి. గాలి మిగిలితే అది డబ్బాల చుట్టూ దుప్పటిలా కప్పుకుంటుంది, ఆవిరి వేడి లోపలికి దిగదు. గాలి పోయాక వెంట్ మూసి, బ్లీడర్ అనే సన్నటి గొట్టాన్ని మాత్రం తెరిచి ఉంచుతారు. అది ఉడుకు అయ్యేదాకా ఈల వేస్తూనే ఉంటుంది. ఆ గదిలో రొదకి పనివాళ్ల చెవులు అలవాటు పడిపోతాయి. ఈల ఆగితే మాత్రం అందరి తలలూ ఒక్కసారే తిరుగుతాయి.

మేస్త్రి మంచివాడు. గట్టిగా అరిస్తే చెవిటివాళ్లకి వినపడుతుందని అతని నమ్మకం. మొదట్లో కొన్నాళ్లు చెవి దగ్గర కేకలు వేసి, విసిగి, సైగల్లోకి దిగాడు. ఆ తర్వాత ఏజెంట్ ఎదుటే అతని గురించి సానుభూతిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. "పాపం, అమ్మా అని కూడా పిలిచి ఉండడు" అనేవాడు పక్కవాడితో. ఏజెంట్ వాల్వ్ తుడుస్తూ నిలబడేవాడు. జవాబు చెప్పకుండా ఉండటం కష్టం కాదు. తన మీద ఎవరో జాలిపడుతుంటే కృతజ్ఞత కూడా చూపించకుండా ఉండటం కష్టం.

అద్దెగది మేడ మీద. కింద ఇంటావిడ అతనికి వినపడదని రేడియో పెద్దగా పెట్టేది. అతను అన్నం వండుకుని, గోడకి ఎదురుగా కూర్చుని తినేవాడు. ఒకరోజు స్నానాలగదిలో కుళాయి బార్లా తిప్పి, ఆ చప్పుడులో తన పేరు చెప్పుకుని చూశాడు. గొంతు ఎవరిదోలా ఉంది. అయినా ఆ పేరు కూడా డిపార్ట్‌మెంట్ ఇచ్చిందే. కుళాయి కట్టేసి తుడుచుకున్నాడు.

ల్యాబ్ మేడమ్‌ని మొదటిసారి చూసినప్పుడు ఆమె తెల్లకోటు కింద ఎర్ర చెప్పులు వేసుకుని, తడినేల మీద కూడా జారకుండా టకటకా నడుస్తోంది. అందగత్తె అని ఆమెకి తెలుసు. తెలిసినా దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేనట్టు ఉంటుంది ముఖం. ల్యాబ్‌లో ఆమెతో అందరూ మేడమ్, మేడమ్ అంటారు. భోజనానికి మాత్రం ఎవరూ పిలవరు.

ఒక మధ్యాహ్నం ఆమె టిఫిన్ బాక్స్ పట్టుకుని వచ్చి, మూడో రిటార్ట్ వెనక అతను కూర్చున్న చెక్కపెట్టె మీద, పక్కనే కూర్చుంది.

"నీకు వినపడదు కదా," అంది. "హమ్మయ్య."

అలా మొదలైంది. రోజూ వచ్చేది. చెప్పులు కరుస్తున్నాయని చెప్పేది. ఫోన్ చేస్తే వాళ్లమ్మ "ఎవరమ్మా నువ్వు?" అని అడుగుతోందని చెప్పేది. చదువుకునే రోజుల్లో ఎవరో విదేశీ సంస్థ స్కాలర్‌షిప్ ఇచ్చిందనీ, తర్వాత చిన్న చిన్న పనులు అడిగిందనీ, చిన్న పనులు ఎప్పుడు పెద్దవయ్యాయో తనకే తెలీలేదనీ చెప్పేది. "రెండు వైపులా పనిచేస్తే రెండు వైపులా మనుషులుంటారు అనుకున్నా. ఎవరూ లేరు" అని నవ్వింది ఒకసారి. ఏజెంట్‌గా అతనికి ఇదంతా పంట పండినట్టే. రాత్రికి గోటితో అన్నీ కొట్టి పంపాడు. కానీ మధ్యాహ్నం గంట ఎప్పుడు కొడతారా అని పొద్దున్నుంచే ఎదురుచూస్తున్నది ఏజెంట్ కాదు. అది అతనికి తెలుసు.

తప్పు జరిగింది కూడా మధ్యాహ్నమే. ఆమె వాళ్లమ్మ గురించి ఏదో చెబుతోంది. మూడో రిటార్ట్ బ్లీడర్‌లో చెత్త అడ్డుపడి ఈల టక్కున ఆగింది. మేస్త్రి తల తిరిగింది. మిగతా పనివాళ్ల తలలు తిరిగాయి.

అతని తల కూడా తిరిగింది.

వెంటనే వంగి కిందున్న స్పానర్ అందుకున్నాడు, దానికోసమే తిరిగినట్టు. లేచి చూసేసరికి ఆమె రిటార్ట్ వైపు చూడటం లేదు. అతని వైపే చూస్తోంది. టిఫిన్ బాక్స్ మూత పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం చెవిలో బాస్ అడిగాడు. "నీ కవర్ మీద ఎవరికైనా అనుమానం వచ్చిందా?"

అవునని కొడితే మర్నాడే వెనక్కి పిలిపిస్తారు. ఇంకొకడు వస్తాడు. చెక్కపెట్టె మీద ఇంకొకడు కూర్చుంటాడు.

అతను రెండుసార్లు కొట్టాడు. బాస్‌తో ఆడిన మొదటి అబద్ధం అది.

మర్నాడు ఆమె రాదనుకున్నాడు. వచ్చింది. కూర్చుంది. మాట్లాడింది. కానీ ఈసారి చెప్పుల గురించి కాదు.

"కొత్తగా వచ్చాడే సర్వీస్ ఇంజనీర్, కోటు విప్పని మహానుభావుడు, వాడు పెట్టిన కంట్రోలర్ వెంట్‌ని ముందే మూసేస్తుంది. గాలంతా లోపలే. స్క్రీన్ మీద మాత్రం వేడి సరిగ్గా ఉన్నట్టే చూపిస్తుంది, వాడి సెన్సర్ ఆవిరి వచ్చే గొట్టం పక్కనే ఉంది కాబట్టి. పాత గాజు థర్మామీటర్లు పగిలితే పాదరసం తిండిలో పడుతుందని పీకించేశాడు. ఎంత బాధ్యతో చూడు!" అని మజ్జిగ తాగింది. "ఇన్‌స్పెక్టర్ గారికి ఆ డబ్బా శాంపిల్ అని నేనే ఇచ్చాను. ఆయన తింటాడనుకోలేదు. టెస్ట్ చేస్తాడనుకున్నా. పట్టుకుంటాడనుకున్నా."

ఆమె కోటు చేతితో కళ్లు ఒత్తుకుంది. అతను గోడనే చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి చాపి ఆమె భుజం మీద వేయాలనిపించింది. చెవిటివాడు అలా ఎందుకు చేస్తాడు? చేయలేదు.

ఇది నిజమా, లేక తనకి పన్నిన వలా? తేల్చడానికి ఒకటే దారి. మూడో రిటార్ట్ బుట్టలో మధ్య వరసలో సెన్సర్ డబ్బా పెట్టాడు. ఉడుకు అయ్యి, చల్లటి నీళ్లలోంచి బుట్ట పైకి లేచాక తీసి చూశాడు. చుక్క ఎర్రగా ఉంది.

ఆమె చెప్పింది నిజం. అతనికి ఎంత సంతోషం వేసిందంటే, సైనికులు గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

బాస్ మాత్రం తొందరపడలేదు. "ఆఖరి లోడ్ రోజు ఇంజనీర్ వాళ్ల హెడ్‌కి ఫోన్ చేస్తాడు. ట్రేస్ చేసి ఇద్దరినీ కలిపి పట్టుకుందాం. అందాకా నువ్వు చెవిటివాడివే. అర్థమైందా?"

గోటితో ఒక దెబ్బ.

ఆఖరి లోడ్ రోజు. లారీలు యార్డ్‌లో వరసగా ఆగి ఉన్నాయి. ఆఖరి బుట్ట మూడో రిటార్ట్‌లో ఉంది. కంట్రోల్ ప్యానెల్ ముందు మేడమ్ రిలీజ్ స్టాంప్ వేస్తోంది. ఆ స్టాంప్ పడితేనే లారీ కదులుతుంది. ఇంజనీర్ ఆమె వెనక నిలబడి ఫోన్ తీశాడు.

"వడ్డన మొదలైంది," అన్నాడు ఫోన్‌లో.

"అదే కోడ్!" చెవిలో బాస్. "ట్రేస్ నడుస్తోంది. వాణ్ణి మాట్లాడనివ్వు. కదలొద్దు."

స్టాంప్ పడింది. కిటికీ అవతల మొదటి లారీ ఇంజన్ గుర్రుమంది. ఇంజనీర్ ఎడమచేత్తో ఫోన్ పట్టుకునే కుడిచేయి కోటులోకి పెట్టాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఆమె స్టాంప్‌తో వాడికి పని అయిపోయింది. చెవిటివాడి వైపు ఒకసారి చూశాడు, అక్కడ గోడ ఉందో లేదో చూసినట్టు. పిస్టల్ ఆమె వీపు వైపు లేచింది.

"కదలొద్దు," అన్నాడు బాస్. "ఇంకొక్క నిమిషం. అది ఆర్డర్."

నోరు తెరిస్తే ఇన్నాళ్ల మిషన్ పోతుంది. తెరవకపోతే ఆమె పోతుంది.

"మేడమ్! కిందకి!"

తుప్పుపట్టిన తలుపులా వచ్చింది గొంతు. ఆమె ఆశ్చర్యపోలేదు. వెనక్కి కూడా చూడలేదు. ఎప్పుడు పిలుస్తాడా అని కాచుకున్నదానిలా టపీమని నేలకి వాలిపోయింది. తూటా ఆమె వీపు ఉండాల్సిన చోటు దాటి ఆవిరి పైపులో దిగింది. తెల్లటి ఆవిరి బుస్సుమని ఇంజనీర్ చేతుల మీదికి దూకింది. పిస్టల్ ఒకవైపు, ఫోన్ ఒకవైపు పడ్డాయి. చప్పుడుకి పరుగెత్తుకొచ్చిన మేస్త్రి బుట్టలు లాగే కొక్కెంతో అతని కాలు లాగి పడేశాడు. పడేశాక ఇటు తిరిగాడు.

"ఒరేయ్! నీకు మాటలొచ్చా?"

"తర్వాత తిట్టు మేస్త్రీ. లారీలు!"

"ఆపలేవు," అన్నాడు ఇంజనీర్ నేల మీంచి, బొబ్బలెక్కిన చేతుల్ని గుండెకి హత్తుకుని. "గేటు దాకా వెళ్లిపోయాయి. అరుచుకో, ఇంజన్ల మోతలో ఎవడికి వినపడుతుంది?"

వేళ కాని వేళ సైరన్ కూస్తే గేటు మూసేయాలి, ఒక్క డబ్బా కూడా బయటికి పోకూడదు. ఏ డబ్బాల ఫ్యాక్టరీలోనైనా అదే రూలు. కానీ ఆ సైరన్ ఆవిరితో నడుస్తుంది. ఆవిరంతా తూటా చేసిన కంతలోంచి పోతోంది. ప్రెషర్ ముల్లు పడిపోతోంది. ఏజెంట్ సైరన్ తాడు పట్టుకుని బరువంతా వేసి వేలాడాడు. సైరన్ ఒకసారి దగ్గింది. ఇంకోసారి లాగాడు. జలుబు చేసిన ముసలాయనలా బొంగురుగా కూసి, చచ్చిపోయింది.

చాలింది. మొదటి లారీ బంపర్‌కి జానెడు దూరంలో గేటు ధడాలున పడింది.

"నిన్ను సస్పెండ్ చేస్తాను," చెవిలో బాస్. మళ్లీ అతనే, "చేయనులే. వాడి ఫోన్ కట్ అవలేదు. హెడ్ హలో హలో అంటూ కూర్చున్నాడు. దొరికాడు."

మర్నాడు మల్లెని డిపార్ట్‌మెంట్‌లోనే ఒక గదిలో కూర్చోబెట్టారు. రెండు కుర్చీలు, ఒక బల్ల. ఇద్దరు సీనియర్ ఆఫీసర్లు వెళ్లొచ్చారు. ఆమె చెవిటాయన వస్తేనే చెబుతానంది.

అతను వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె అలిసిపోయి ఉంది. ఎర్ర చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది.

"ఆ ఈల ఆగిన రోజే తెలిసిపోయిందా?" అడిగాడు.

"ఆ రోజే."

"తెలిసీ ఎందుకు చెప్పారు?"

"తెలిసింది కాబట్టే చెప్పాను. నా ఫోన్ వాళ్లు వింటారు. నా రిపోర్టులు మీ ఆఫీసులో ఎవరు చదువుతారో తెలీదు. మీరొక్కరే నిజంగా విన్నారు." ఆమె అతని ముఖంలోకి చూసింది. "మీకు వినపడదనుకుని చెప్పిన రోజులకంటే, వినపడుతుందని తెలిసి చెప్పిన రోజులే బావున్నాయి."

అతను పెన్ తీశాడు. "మొదటినుంచి చెప్పండి. వంటింటి వాళ్లు మిమ్మల్ని..."

"చెబుతాను. అన్నీ చెబుతాను. శిక్ష కూడా పడాల్సిందే, ఇన్‌స్పెక్టర్ గారికి నేను బాకీ." ఆమె చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది. "కానీ ఇన్నాళ్లూ నేనే మాట్లాడాను. ముందు మీరు చెప్పండి. మీ గురించి. ఏదైనా సరే. నేను వింటాను."

ఇన్ని నెలలూ అతను కోరుకున్నది ఇదే. నోరు తెరిచాడు. అసలు పేరు చెప్పకూడదు. ఊరు చెప్పకూడదు. అక్క ఉందని కూడా చెప్పకూడదు. ఎక్కడ చదివాడో, ఎవరిని పోగొట్టుకున్నాడో, ఆదివారాలు ఏం చేస్తాడో, అన్నిటిమీదా డిపార్ట్‌మెంట్ సీల్ ఉంది. ఆమె ఓపిగ్గా చూస్తోంది. అతను తన బతుకంతా వెతుక్కుని, సీక్రెట్ కానిది ఒక్కటి పట్టుకున్నాడు.

"ఇవాళ కొంచెం మబ్బుగా ఉందండీ," అన్నాడు.