కొండనాలుక కింది భాష

గ్రహణం పట్టిన వేళ అది!

అరిజోనా ఎడారి మీద వాలుతున్న సూర్యబింబాన్ని రాహువు అంచు నుంచి కొరుక్కు తింటున్నాడు. చాండ్లర్ వీధుల్లో వెలుతురు కుళ్ళిన నిమ్మకాయ రంగుకు తిరిగింది. పడమట ఎర్రటి దుమ్ముగోడ ఒకటి ఆకాశమంత ఎత్తు లేచి ఊరి మీదకు కదిలి వస్తోంది... దాని కడుపులో వాన లేని ఉరుములు! ఖాళీ స్థలంలో బొరియ ముందు కూర్చున్న గుడ్లగూబ తల వెనక్కి తిప్పి, రాజారావు ఇంటి గరాజ్ వైపు చూసి వికృతంగా కూసింది.

ఆ గరాజ్ ముందే కారు ఆపింది దేదీప్య. పక్క సీట్లో సాయి ప్రియ. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటూ మాస్టర్స్ చేసిన ఆడపిల్లలు. ఒకరిది తెనాలి, ఒకరిది వరంగల్. ఇద్దరూ కబుర్లలో పడితే కింది ఫ్లాట్ వాళ్ళు చీపురుకర్రతో పైకప్పు పొడిచేవాళ్ళు. అలాంటి సాయి ప్రియ నోట ఇప్పుడు ఒక్క తెలుగు ముక్క రావడం లేదు!

వచ్చేదల్లా... "ఖ్ర్ర్ఘ్... హ్ఖ్ఖ్..."

అంతా ఆ రాజారావు చలవే. వీడియోగేమ్ కోసం రాక్షసుల భాష కొత్తగా సృష్టిస్తున్నాననీ, దాన్ని పలికే గొంతులు కావాలనీ ఆయన తెలుగువాళ్ళ పిక్నిక్‌లో చెప్పాడు. ఇలాంటి కల్పిత భాషలంటే సాయి ప్రియ చెవి కోసుకుంటుంది. ఎగిరి గంతేసి చేరింది. "మన అక్షరాలన్నీ నాలుకతో పుట్టేవమ్మా. నా భాష కొండనాలుక కింద పుడుతుంది" అన్నాడట మొదటి పాఠంలోనే, ఎంత వినయంగానో!

ఇక బాత్రూమ్‌లో సాధన మొదలైంది. నాలుక మొదలును వెనక్కి లాగడం, కొండనాలుకను వణికించడం, పుక్కిలించడం, కాండ్రించడం, ఉమ్మడం. "ఒసేయ్, జలుబు చేసిన గేదెలా ఉన్నావే!" అని నవ్వింది దేదీప్య. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. సింక్ నిండా పచ్చటి కళ్ళె. దాంట్లో నల్లటి దారపు పోగులు... అవి కదిలేవి! చచ్చిన ఎలుక కంపు తువ్వాళ్ళకు పట్టింది, దిండ్లకు పట్టింది, ఫ్రిజ్‌లో పెరుగుకు కూడా పట్టింది. దేదీప్యకు అన్నం ముందు కూర్చుంటే డోకొచ్చేది.

రోత ఒక ఎత్తు. తెలుగు మాటలు ఒకటొకటే ఊడిపోవడం ఇంకో ఎత్తు. స్కైప్‌లో వాళ్ళమ్మ "ఏమైందే బిడ్డా, మాట్లాడవే" అని ఏడుస్తుంటే, ఈ పిల్ల గొంతు పట్టుకుని స్క్రీన్ మీదకు కళ్ళె కక్కింది. ఆస్పత్రిలో గొట్టం వేసి చూసి అంతా నార్మల్ అన్నారు. స్నేహితురాలి గొంతు పూర్తిగా పోకముందే ఆ మహానుభావుణ్ణి నిలదీయాలని దేదీప్య ఇవాళ బయల్దేరింది.

తలుపు తోసిందో లేదో, లోపలి కంపు చెంప మీద కొట్టింది!

నల్లటి తెరలు. కొవ్వు దీపం. ముగ్గు మధ్యన మానవ కపాలం, అందులో అడుగున ఎండి అట్టలు కట్టిన ఏదో పసుపుపచ్చని పాకుడు! ఎర్రటి పట్టుపంచె కట్టి, ఒంటి నిండా చితాభస్మం పూసుకుని కూర్చున్నాడు రాజారావు.

"అంకుల్! దీని వాయిస్ ఏం చేశారు? మీ లాంగ్వేజ్ మాకొద్దు. దీన్ని మామూలుగా చేసేయండి, వెళ్ళిపోతాం."

రాజారావు విరగబడి నవ్వాడు.

"లాంగ్వేజా! పిచ్చి మొహమా, వ్యాకరణం ఒక్కటే నాది. శబ్దాలు కంఠపిశాచివి! దాని పేరు పలకగల గొంతు మనుషుల్లో లేదు. అందుకే గేమ్ అని చెప్పి మీ పిల్లల గొంతులు తవ్వాను. మిగతావాళ్ళంతా దగ్గొస్తోందని మానేశారు. ఇదొక్కత్తే అడుగుదాకా దిగింది... గ్రహణం విడిచేలోగా ఆఖరి శబ్దాన్ని ఈ కపాలంలో ఉమ్ముతుంది. ఇది పెదవి ఆనించిన చోటే నేను పెదవి ఆనించి తాగుతాను. ఆ క్షణం నుంచి పిశాచి నాకు దాసి!"

"మరి... సాయి?"

"తాగి పారేసిన కొబ్బరిబోండాం!"

దేదీప్య స్నేహితురాలి చెయ్యి పట్టి గుంజింది. అప్పటికే ఆలస్యమైంది. సాయి ప్రియ కళ్ళు తెల్లగా తిరగబడ్డాయి. మెడ ఉబ్బింది... కప్ప దవడలా ఉబ్బి, అణిగి, మళ్ళీ ఉబ్బింది. చర్మం కింద పిడికిలంత ముద్ద ఒకటి పొట్ట నుంచి పైకి పాకుతోంది! ఆ గొంతులోంచి లేచిన ఘోష దేదీప్యను ఎత్తి గోడకు కొట్టింది. కాళ్ళు చచ్చుపడి అక్కడే కూలబడింది.

సాయి ప్రియ కపాలం అంచుకు పెదవులు ఆనించి... కక్కింది! కళ్ళె, చీము, వెంట్రుకలు, నల్లటి పోగుల ముద్ద... కపాలం నిండి పొర్లింది. బుడగలు లేచి, ఒక్కో బుడగా చిట్లినప్పుడల్లా ఓ మూలుగు వినిపించింది! పిల్ల ఖాళీ సంచిలా నేల మీద పడిపోయింది.

రాజారావు కపాలాన్ని రెండు చేతులా పైకెత్తాడు. ఆ చిక్కటి జిగురు అంచు మీదుగా తీగలు సాగుతూ అతని ముఖం దగ్గరికి వచ్చింది. అది చూసింది దేదీప్య. పన్నాగం లేదు, ధైర్యమూ లేదు. పీకలదాకా వచ్చిన అసహ్యం ఒక్కసారిగా బయటపడింది.

"ఛీ ఛీ ఛీ! దాని ఎంగిలికి నోరు పెడతారా! ఎంగిలి కదా అది! మనిషేనా మీరు? థూ!"

రాజారావు చేతులు ఆగాయి...

శవాల మధ్య కూర్చుని జపం చేసినవాడు! పుర్రెలో వండుకుని తిన్నవాడు! అయితేనేం, పసితనంలో తల్లి చేత మొట్టికాయలు తిని నేర్చుకున్నది ఎక్కడికి పోతుంది? ఎదుటివాళ్ళ గ్లాసుకు పెదవి తగలకూడదు. ఎత్తి పోసుకోవాలి. ఆ మాట చెవిన పడగానే మంత్రవేత్త మూతి ముడుచుకుంది, తల వెనక్కి వాలింది, చేతులు జానెడు పైకి లేచాయి. చెంబుతో మంచినీళ్ళు తాగినట్టు, పెదవి ఆనకుండా, గటగటా పోసుకున్నాడు!

దీపం ఆకుపచ్చగా మండింది. చేసిన పని అప్పుడు తెలిసింది అతనికి. కపాలం అంచును ఆబగా నాకబోయాడు. అది చేతిలోనే పగిలింది!

"నా ఎంగిలి నీకు రోతా?"

ఆ గొంతు అతని పొట్టలోంచే వచ్చింది.

"నాకు యజమానివి అవుతావట్రా? పలకడం నువ్వే నేర్చుకో! పుక్కిలించు!"

రాజారావు నోట్లో నెత్తురు గళగళమంది.

"కాండ్రించు!"

"వద్దు... తల్లీ... వద్దు!"

"ఉమ్ము!"

పళ్ళు రాలాయి. నాలుక జారి కాళ్ళ మీద పడింది. వెనుక కొండనాలుక, దాని వెనుక ఎర్రటి గొట్టం... కాళ్ళనుంచి తలదాకా ఆ మనిషి తన నోట్లోంచి తానే లాగబడి, తిరగేసిన తొడుగులా బయటికి వచ్చాడు! ఆఖరి శబ్దం మాత్రం శుద్ధంగా, స్పష్టంగా పలికాడు. తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి. దుమ్ముగోడ గరాజ్‌లోకి విరుచుకుపడి, గిర్రున తిరిగి, ఏదో పెద్దగా అరుస్తున్నదాన్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది. ముగ్గులో పట్టుపంచె, దాని మీద దోసెడు కళ్ళె మిగిలాయి.

దేదీప్య మోకాళ్ళ మీద పాకుతూ స్నేహితురాలిని చేరింది. తల ఒడిలోకి తీసుకుని, గడ్డం మీది జిగురంతా తన చున్నీతో తుడిచింది.

"సాయీ... ఏదో ఒకటి అనవే. తిట్టవే పోనీ."

పెదవులు కదిలాయి. గొంతు గరగరలాడింది. దేదీప్య ఊపిరి బిగబట్టింది. మళ్ళీ ఆ శబ్దమే వస్తుందేమో!

"దేదీ... కార్‌ల నీళ్ళున్నయానే?"

దేదీప్య భోరుమంది. ఏడుస్తూనే పరుగెత్తి బాటిల్ తెచ్చింది. సాయి ప్రియ దాన్ని నోట కరిచిపట్టి, చంటిపిల్లలా సగం తాగి వదిలింది. మూతి చుట్టూ ఇంకా పచ్చటి జిడ్డు. ఆ బాటిల్‌నే తీసుకుని, తుడవకుండా, పెదవులు ఆనించి మిగతా సగం దేదీప్య తాగేసింది.