డౌవె తాత కిటికీ మూల

హార్లింగెన్ అనే ఊరి రేవు వెనక సందులో ఒక ఇల్లుంది. ఇంటికేం లోటు లేదు గానీ, ముందుగదిలో వీధి కిటికీ పక్కనున్న మూలకి మాత్రం చెడ్డపేరు. డౌవె అనే ముసలి పడవవాడు ఇరవై ఏళ్ళు అక్కడే కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చున్నాడట. కూర్చునే పోయాడట. కిటికీకి తెర లేదు, ఆ వీధిలో ఎవరింటికీ ఉండదు... ఎప్పుడూ ఉండే మనిషే కదా అని, రెండు రోజులపాటు అందరూ ఆ శవానికి చెయ్యూపి మరీ వెళ్ళారట.

ఆ ఇంటిని, కుర్చీతో సహా, హిల్కా, రింక్ అనే భార్యాభర్తలు కొనుక్కున్నారు. ఇద్దరికీ యాభై దాటాకే పెళ్ళయింది. హిల్కా బేకరీలో పనిచేస్తుంది, రింక్ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఆమె వెంట పోప్కా అనే తెల్లపిల్లి వచ్చింది, అతని వెంట గుర్బె అనే గోధుమరంగు గండుపిల్లి వచ్చింది. వేసవంతా నాలుగు ప్రాణులూ బాగానే సర్దుకున్నాయి.

డిసెంబరు వచ్చింది. నాలుగున్నరకే చీకటి.

ఒక సాయంత్రం హిల్కా దీపం వేసి కాఫీ పెట్టుకుంటోంది. కుర్చీ దగ్గర పడుకున్న రెండు పిల్లులూ ఒక్కసారిగా తలెత్తాయి. రెండూ కిటికీ మూలకే చూస్తున్నాయి. వీపు మీద బొచ్చు మెల్లగా లేచింది... గొంతులో గుర్రు మొదలైంది...

"ఏముందర్రా అక్కడ?" అంది హిల్కా.

ఏమీ లేదు. నల్లటి అద్దం, అందులో ఆమె మొహం. అంతే.

మరుక్షణం రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. బొచ్చు ఎగిరింది, పూలకుండీ పగిలింది, పోప్కా బీరువా కిందికి దూరింది. గుర్బె మాత్రం కిటికీ కింద గోడకి వెన్ను పెట్టి, తోక వణికించి, ఉచ్చ చిమ్మింది. గదంతా కంపు.

హిల్కా బకెట్టు తెచ్చింది. వాళ్ళమ్మా, అమ్మమ్మా కిటికీలూ గడపలూ కడిగిన అమోనియా నీళ్ళతోనే గోడ రుద్దింది. తెల్లారేసరికి అదే చోట మళ్ళీ తడి. మళ్ళీ రుద్దింది. సాయంత్రం నాలుగున్నరకి మళ్ళీ యుద్ధం, మళ్ళీ తడి. ఇలా మూడు వారాలు. చేతులు పగిలాయి, ఓపిక పోయింది, బేకరీలో ఎవరైనా పిల్లి ఫొటో చూపిస్తే ఒళ్ళు మండేది. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఎప్పుడో ఆపరేషన్ అయింది. పశువుల డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేసి, జబ్బేమీ లేదంది.

"వాటినేదో రెచ్చగొడుతోంది. అదేంటో చూడండి," అంది.

పక్కింటి బౌక్యాకి చూడాల్సిన పనే లేదు. గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చి, గొంతు తగ్గించింది.

"డౌవె తాతేనమ్మాయ్. ఆఖర్లో లేవలేకపోయేవాడు... ఈ మూల ఇదే వాసన."

"ఉంటే ఉండమనండి బౌక్యా గారూ, కడగడానికి ఆయన్నే రమ్మనండి," అంది హిల్కా. అంది గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గురువారం పోప్కా చెవి చీలింది. ఇక హిల్కా వల్ల కాలేదు. "శనివారం గుర్బెని మీ అన్న పొలానికి పంపించెయ్," అంది రింక్‌తో.

రింక్ గుర్బెని ఒళ్ళోకి తీసుకున్నాడు. "పదకొండేళ్ళు నాకున్నది అదొక్కటే," అన్నాడు. "దాన్ని దింపి ఇక్కడికే తిరిగొస్తానో లేదో నాకే తెలీదు హిల్కా." పిల్లిబుట్ట తెచ్చి నడవలో పెట్టాడు.

శుక్రవారం ఇంట్లో హిల్కా ఒక్కతే. బుట్టని చూస్తుంటే ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కాపురం కూల్చేది దెయ్యమే అయితే దాని మొహమైనా చూడాలనుకుంది. దీపం ఆర్పింది. దుప్పటి కప్పుకుని డౌవె తాత కుర్చీలో గది వైపు తిరిగి కూర్చుంది.

చీకటి... గోడ గడియారం... నాలుగున్నర.

గుర్బె తలెత్తింది. పోప్కా వీపు లేచింది. రెండూ చూస్తున్నది ఆమెని కాదు — ఆమె భుజం వెనక్కి.

మెడ మీద చల్లగా ఏదో పాకినట్టయింది. హిల్కా మెల్లగా... చాలా మెల్లగా తల తిప్పింది.

అద్దం అవతల, జానెడు దూరంలో, రెండు పచ్చటి కళ్ళు.

ఆ కళ్ళ పైన తెగిన చెవి కనిపించింది, కింద బూడిదరంగు బొచ్చు కనిపించింది. కిటికీ కిందున్న వీధి బల్ల మీద నిలబడ్డ ముసలి గండుపిల్లి నోరు తెరిచి చప్పుడు లేకుండా అరిచింది. తరవాత వెనక్కి తిరిగి, తోకెత్తి, అద్దం మీదే చిమ్మి పోయింది. గదిలో రెండూ కలబడ్డాయి. హిల్కా దుప్పటి విసిరి విడదీసింది.

దీపం వేసుకుని చూసినన్నాళ్ళూ ఆ అద్దంలో ఆమెకి తన మొహమే కనిపించింది మరి.

"తెగిన చెవా? అయ్యో, అది డౌవెదే," అంది బౌక్యా. "చలికాలమంతా రోజూ నాలుగున్నరకి కిటికీ తెరిచి చేప తల పెట్టేవాడు. ఇంకా వస్తోందా పిచ్చిది?" అని తనే ఎత్తుకుపోయి పెంచుకుంది.

డాక్టరమ్మ ఫోన్లో నవ్వింది. బయటిదాన్ని అందుకోలేక పక్కనున్నదాని మీద కసి తీర్చుకుంటున్నాయంది. అమోనియా మాట వినగానే నవ్వు ఆపేసింది. "పిల్లి ముక్కుకి అది మూత్రం వాసనేనండీ. మీరు కడగట్లేదు, పిలిచి మరీ పోయించుకుంటున్నారు."

హిల్కాకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ గోడకి మాత్రం కాదు.

బుట్ట అటక ఎక్కింది. గోడకి వేరే మందు వాడారు. పిల్లుల్ని చెరో గదిలో పెట్టి, ఒకదాని వాసన ఒకదానికి మళ్ళీ అలవాటు కావాలని మూసిన తలుపుకి అటూ ఇటూ తిండి పళ్ళాలు పెట్టారు. కిటికీకి మందపాటి తెర కుట్టింది హిల్కా. అదే కష్టమైంది. ఆ వీధిలో తెర వేసుకున్నారంటే లోపలేదో దాస్తున్నారని అర్థం. రింక్ వెళ్ళిపోయాడని కొందరు, డౌవె తాత బయటికి చూడకుండా వేశారని కొందరు అనుకున్నారు.

జనవరి ఆఖర్లో పిల్లుల్ని ఒకే గదిలోకి వదిలారు. రెండు రోజులు చిన్న గుర్రు కూడా లేదు. మూడో రోజు సాయంత్రం బౌక్యా కాఫీకి వచ్చింది.

"మా తెగిన చెవి ముసలాడు పొయ్యి దగ్గర గురక పెడుతున్నాడు. ఇక మీకు బెంగ లేదు," అంది.

గడియారం నాలుగున్నర కొట్టింది.

గుర్బె లేచింది. పోప్కా లేచింది. రెండూ మూలకి నడిచాయి. తెర వేసే ఉంది, బయట ఎవరూ లేరు. హిల్కా చెయ్యి దుప్పటి మీదికి పోయింది.

కానీ అవి కిటికీని చూడలేదు. ఖాళీ కుర్చీ ముందు ఆగి, కూర్చున్న మనిషి మొహం ఉండేంత ఎత్తుకి కళ్ళెత్తాయి. రెండు తోకలూ నిటారుగా లేచాయి. గుర్బె ముందుకెళ్ళి, మోకాళ్ళుండాల్సిన చోట, ఉత్త గాలికి ఒళ్ళు రాసింది... పోప్కా రెండో వైపు నుంచి రాసింది... రెండూ హాయిగా గుర్రుగుర్రుమంటూ చుట్టూ తిరిగాయి.

బౌక్యా చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది.

రింక్ మెల్లగా లేవబోయాడు. హిల్కా అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఉండనీ," అంది గుసగుసగా. "గోడ తడపకపోతే చాలు."