ఫోటోలో ఆరుగురే

ఆరుగురే!

బెగిమాయ్ ఫోన్ తెరను మళ్ళీ చూస్తుంది. ఏడుగురు ఉండాలి. ఇద్దరు ఆడబిడ్డలు, వాళ్ళ నలుగురు పిల్లలు...

ఏడోవాడు?

"ఎల్దియార్ ఏడి?"

"ఇక్కడే ఎక్కడో ఉంటాడు వదినా. ముందు ఫోటో తియ్యి, ఎండ మాడ్చేస్తోంది!"

ఆమె తియ్యదు. పొరుగు దేశానికి యాత్రకొచ్చి చూస్తున్న షాహీ జిందా సమాధుల మెట్ల మీంచి కిందికి చూస్తుంది. గొడుగులు. గైడ్ల జెండాలు. జనం...

నీలం టోపీ!

బూడిదరంగు చొక్కా మనిషి ఒకడు ఆరేళ్ళ పిల్లాడి చెయ్యి పట్టుకుని గేటు దాటిస్తున్నాడు.

"ఏయ్! ఆగు!"

పరుగు. ఒక్కో అంగకు మూడేసి మెట్లు. పుణ్యం కోసం మెట్లు లెక్కపెడుతూ ఎక్కుతున్న ముసలాయనకు భుజం తగులుతుంది. ఆయన లెక్క తప్పుతుంది, తిడతాడు. ఆగే తీరిక లేదు.

ఎల్దియార్‌ని కన్నది ఆమె. వాడికి మాత్రం ఆమె వదిన.

సరిహద్దు అవతల నరీన్‌లో వాళ్ళ ఇంటి ఆచారం అది. తొలిచూలు బిడ్డ తాత నానమ్మల బిడ్డ. నలభై రోజుల పసికందును అత్తగారు సైరాకాన్ తన ఒళ్ళో వేసుకుంది. వాడికి ఆవిడే అమ్మ. కన్నతండ్రి తిలెక్ వాడికి అన్నయ్య. పాలు కట్టిన రొమ్ములకు గుడ్డ బిగించుకుని బెగిమాయ్ మొగుడి వెంట రాజధాని బిష్కెక్‌కి బస్సెక్కింది. అప్పుడామెకు ఇరవై ఏళ్ళు. నా కొడుకు అని ఎక్కడా అనకూడదు. ఆరేళ్ళూ అనలేదు.

ఈ ఉదయం అంది. హోటల్లో, టీ దగ్గర.

"అత్తయ్యా, సెప్టెంబరులో వాడు బడిలో చేరాలి. ఈ యాత్ర అయ్యాక నాతో తీసుకెళ్తాను."

సైరాకాన్ టీ గిన్నె బోర్లించింది.

"ఇచ్చినదాన్ని మళ్ళీ అడిగే కోడలు మా వంశంలో లేదు."

అంతే. మాట అక్కడితో అయిపోయింది...

గేటు. రోడ్డు. బూడిదరంగు చొక్కా బజారు వైపు మళ్ళుతుంది.

రొట్టెలమ్మే ఆడవాళ్ళ వరుస అడ్డం. పసిపిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండ్లలో పొగలు కక్కే గుండ్రటి రొట్టెలు. బండికీ బండికీ మధ్య జానెడు సందు. దూరుతుంది. తుంటి తగులుతుంది...

బండి తిరగబడింది! రొట్టెలన్నీ నేలమీద! వాటిలో ఒకదాని మీద ఆమె కాలు!

ఇక్కడ రొట్టె తొక్కడమంటే మహాపాపం.

"రొట్టె తొక్కింది! కళ్ళు నెత్తికెక్కాయా నీకు?"

"పట్టుకోండి దాన్ని! ఏ తల్లి పెంచిందో!"

నాలుగు చేతులు ఆమె జబ్బలు పట్టుకుంటాయి.

"అక్కా, వదులు! వాడు మా పిల్లాణ్ణి ఎత్తుకుపోతున్నాడు! నీలం టోపీ... అడుగో!"

ఆ మాటతో కోపం దిశ మార్చుకుంది.

రొట్టెల బండ్లు గిర్రున తిరుగుతాయి. వాడు పిల్లాణ్ణి ఎక్కించబోతున్న తెల్లకారు ముందు మూడు బండ్లు అడ్డం పడతాయి. బూడిదరంగు చొక్కా ఆగిపోతాడు. ఈల వేసుకుంటూ పోలీసు వచ్చి వాడి కాలరు పట్టుకుంటాడు.

"బాబూ, ఈమె ఎవర్రా?"

ఎల్దియార్ బెగిమాయ్‌ని చూస్తాడు. "మా వదిన."

"మీ అమ్మ ఏది?"

"కార్లో ఉంది."

వెనక తలుపు తెరుచుకుంటుంది.

సైరాకాన్!

మోకాళ్ళ నొప్పులని మెట్ల దగ్గరే ఉండిపోయిన అత్తగారు. ఒళ్ళో సూట్‌కేసు.

"వదినటమ్మా!" రొట్టెలామె చేతులు తిప్పుతుంది. "కన్నతల్లి కార్లో కూర్చుంటే మధ్యలో నీకేం రోగం? నా రొట్టెలన్నీ మట్టిపాలు చేశావు!"

"ఎండ తలకెక్కింది మా కోడలికి" అంటుంది సైరాకాన్ మెత్తగా. "వీడు నా బిడ్డ. మేం ముందుగా ఇంటికి పోతున్నాం. ఇదిగో నాయనా, సరిహద్దు కాగితం. అన్నీ సక్రమంగా ఉన్నాయి."

పోలీసు కాగితం విప్పి పైకి చదువుతాడు.

"'మైనరు బాలుడు ఎల్దియార్ తల్లినైన బెగిమాయ్ అను నేను, పిల్లవాణ్ణి అతని నాయనమ్మ వెంట...'"

ఆగిపోతాడు.

"బెగిమాయ్ ఎవరు?"

"నేను."

ఎల్దియార్ ముసలావిడ చెయ్యి గుంజుతాడు.

"అమ్మా, ఆయన తప్పు చదివాడు కదూ? చెప్పమ్మా!"

సైరాకాన్ ఒళ్ళో సూట్‌కేసు సర్దుకుంటుంది.

బెగిమాయ్ గొంతులో ఆరేళ్ళు ఒక్కసారి పగులుతాయి.

"ఊళ్ళు చూపిస్తామంటే పెట్టిన సంతకం అత్తయ్యా అది! దాంతోనే వాణ్ణి దాటించేస్తారా?"

"గట్టిగా అరవకు. వాడు వింటున్నాడు."

"విననివ్వండి!"

"మీ మామగారు పోయాక ఆ ఇంట్లో వీడి అలికిడి తప్ప నాకు ఇంకేం మిగిలింది?"

"నాకు ఆ అలికిడి కూడా లేదు!"

పళ్ళు కొనడానికని బజారుకెళ్ళిన తిలెక్ జనాన్ని తోసుకుంటూ వస్తాడు. చంకలో ఖర్బూజా.

"ఏమిటిది బెగిమాయ్? నలుగురిలో పరువు తియ్యకు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

బూడిదరంగు చొక్కా ఒక్కసారిగా గింజుకుంటాడు.

"నన్నెందుకు పట్టుకుంటారు సార్! నేను డ్రైవర్ని! సరిహద్దు అవతల ఓష్ దాకా బండి మాట్లాడింది ఇతనే! పిల్లాడి ఫోటో పంపి, మెట్ల దగ్గర్నుంచి తీసుకురమ్మన్నదీ ఇతనే!"

ఖర్బూజా ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మారుతుంది.

"అమ్మ ఏడ్చింది..." తిలెక్ నేలను చూస్తూ అంటాడు. "రెండు రోజులు పోతే నువ్వే సర్దుకుంటావనుకున్నా. ఎప్పుడూ సర్దుకుంటావుగా."

పోలీసు నోటుపుస్తకం తీస్తాడు. "ఇది ఇంటి గొడవా, కేసా? చెప్పు చెల్లెమ్మా. రాశానంటే వీళ్ళందరూ స్టేషనుకి రావాలి."

ఎల్దియార్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంటాడు. చిన్న చెయ్యి, చెమట పట్టి ఉంది.

"వదినా... మా అమ్మని పోలీసులకి ఇవ్వొద్దు."

బెగిమాయ్ మోకాళ్ళ మీద కూర్చుంటుంది. అందరూ చూస్తుండగా, మొదటిసారి, వాడి నుదుటి మీద ముద్దు పెడుతుంది.

వాడు అరచేత్తో తుడిచేసుకుంటాడు.

ఆమె లేచి నిలబడుతుంది.

"రాయండి" అంటుంది. "మొదట నా మొగుడి పేరు."